రెండో గ్లాసు

లైబ్రరీ తొమ్మిదికి తెరుస్తారు. ఎనిమిదీ యాభైకల్లా మూడో చాప్టరు మెట్ల మీద ఉండేది. కౌంటరు దగ్గరివాళ్లు పెట్టిన పేరది. ఏడాదిన్నరగా "ఎంతవరకూ వచ్చిందమ్మా థీసిస్?" అని ఎవరడిగినా "మూడో చాప్టరండీ" అనే చెప్పేది కాబట్టి చివరికి అదే ఆమె పేరైపోయింది. ఆమెకేం కోపం రాలేదు. రోజు మొత్తంలో ఆమెను ఎవరైనా పిలిచేది అక్కడొక్కచోటే.

ఆమె పరిశోధన ఒక్కరే ఉండే ఇళ్లలో వంటగదుల మీద. నలభయ్యొక్క ఇళ్లు తిరిగింది. ఎన్ని గిన్నెలున్నాయి, స్టవ్వు మీద ఏ పొయ్యి ఎక్కువ నల్లబడింది, కుర్చీలో కూర్చుని తింటారా, గట్టు దగ్గర నిలబడి తింటారా, అన్నీ రాసుకుంది. నలభై రెండోది ఆమె గదే. దాన్ని మాత్రం లెక్కలో వేయలేదు.

"ఒంటరిగా తినేవాళ్ల మీద రాస్తున్నావా, వాళ్లలో చేరిపోయావా?" అని ఫోనులో నవ్వేది వాళ్లక్క. ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోను చేసేది. వెనకాల పిల్లల గోల, బావ టీవీ, కుక్కరు కూత. "తిన్నావా?" "తిన్నా." "ఏం తిన్నావు?" ఇక్కడికొచ్చేసరికి ఈమె ఏదో ఒకటి కల్పించి చెప్పేది.

డిగ్రీ ఈమె కాలేజీ మొహం చూడకుండా, ఇంట్లో కూర్చుని చదువుకుని పాసైంది. చదవడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది గానీ, చదివింది ఎలా రాసి పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. మంచి వాక్యం కనిపిస్తే ఆకలిగొన్నదానిలా గబగబా నోట్‌బుక్కులోకి ఎక్కించేది. ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది తర్వాత చూసుకోవచ్చులే అనుకునేది. అలా తన మాటలూ పరాయివాళ్ల మాటలూ ఒకే సిరాలో, ఒకే గీతల మీద కలిసిపోయి ఉండేవి.

కలిసిపోయినా దాగేవి కావు. నోట్‌బుక్కులో ఉన్నంతకాలం ఏమీ లేదు గానీ, ఎవరి వాక్యమైనా సొంత రాతలోకి తీసుకుని వాళ్ల పేరు రాయకపోతే, ఆ కాగితం తెరిచి ఉన్నంతసేపూ ఆ వాక్యం రాసిన మనిషి వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. రాసినప్పుడు ఎంత వయసో అంత వయసుతో వచ్చేవాళ్లు. మాట్లాడేవాళ్లు కాదు. చెప్పాల్సింది పుస్తకంలో చెప్పేశారు కదా. పేరు, పుస్తకం, పేజీ నంబరు కింద రాయగానే లేచి, కుర్చీ లోపలికి నెట్టి వెళ్లిపోయేవాళ్లు. అందుకే లైబ్రరీలో ప్రతి బల్లకీ రెండు కుర్చీలు ఎక్కువ వేసేవాళ్లు. బతికున్నవాళ్లయితే చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలి రావాల్సి వచ్చేది. ఎకనామిక్సు సారు బోర్డు ముందు చాక్‌పీసు పట్టుకుని మాయమైతే, "ఎవడో కాపీ కొడుతున్నాడ్రా" అని క్లాసు క్లాసంతా టీకి లేచిపోయేది. సారుకు పెద్ద అభ్యంతరం ఉన్నట్టు లేదు. అక్కడ కూర్చున్నంతసేపూ ఆయనకు జుట్టు ఉండేది.

థీసిస్ ఇచ్చే రోజు మాత్రం ఇదంతా నవ్వులాట కాదు. ఆఫీసులో సీలు వేసే గుమస్తా ఒక్కొక్క పేజీ తిప్పి, పక్కనున్న బెంచీ వైపు చూసేవాడు. ఒక్క మనిషి కనిపించినా థీసిస్ వెనక్కి. కిందటేడు ఒకతని థీసిస్ తిప్పుతుంటే పద్నాలుగు మంది వచ్చారు. బెంచీ చాలక ఇద్దరు కిటికీ గూట్లో ఎక్కి కూర్చున్నారట.

నీలం స్వెట్టరావిడ వచ్చింది నాలుగు నెలల కిందట.

ఆ రోజు ఆమె మూడో చాప్టరులో కొత్త పేరా ఎత్తుకుంది. 'ఒక్కరే ఉండే ఇంట్లో రెండో గ్లాసును కూడా రోజూ కడుగుతారు, అందులో ఎవరూ తాగకపోయినా.' నోట్‌బుక్కులోంచి ఆ వాక్యం దించుకుని, దాని మీద చాప్టరంతా నిలబెట్టొచ్చని సంబరపడింది. అది తన వాక్యమేనని ఒట్టేసి చెప్పగలిగేది. ఎందుకంటే తను కూడా రోజూ కడిగేది. కుర్చీ జరిగిన చప్పుడైంది. తల ఎత్తేసరికి ఎదురుగా తన ఈడు ఆడమనిషి, మోచేతుల దగ్గర అతుకులు వేసిన నీలం స్వెట్టరు, చూపుడు వేలికి సిరా మరక.

"పేజీ నంబరు?" అంది వెనకనుంచి లైబ్రేరియను. ఆవిడ పలకరింపే అది. అందుకే అందరూ పేజీ నంబరు మేడం అనేవాళ్లు, ఆవిడ వినేలాగే.

"తెలీదు మేడం. నాదే అనుకున్నా."

"నీదైతే ఈవిడెందుకొచ్చింది?"

"కొట్టేయనా?"

"కొట్టేస్తే వెళ్లిపోతుంది. కానీ నీ చాప్టరంతా ఆ ఒక్క వాక్యం మీద కూర్చుని ఉంది కదా. మాటలు అటూ ఇటూ తిప్పి రాద్దామనుకుంటున్నావేమో. కుదరదు. స్వెట్టరు మార్చుకొని మళ్లీ ఆవిడే వస్తుంది."

స్వెట్టరావిడ ఈ మాటకు నవ్వినట్టే ఉంది.

మేడం స్టూలు లాక్కుని పని చెప్పింది. ఆ నెలలో చదివిన పుస్తకాల చీటీలన్నీ ముందు వేసుకోమంది. ప్రతి పుస్తకంలో వెనక పట్టికలో 'గ్లాసు', 'పాత్రలు', 'అతిథి' అని వెతకమంది. వాక్యం దొరికినా అక్కడితో ఆగొద్దంది. "అది ఆ రచయితదేనా, ఆయన కూడా ఎవరి దగ్గరన్నా తీసుకున్నాడా? పేజీ అడుగున చిన్నక్షరాలు చూడు. అక్కణ్నుంచి వెనక్కి నడువు. మొదట అన్న మనిషి దగ్గరికి వెళ్లేదాకా నడువు."

వెళ్లింది. ఆరో రోజున ఒక లావాటి పుస్తకంలో వాక్యం కనిపించింది. కింద చిన్నక్షరాల్లో, ఇదే యూనివర్సిటీలో యాభై రెండేళ్ల కిందట రాసిన అచ్చుకాని థీసిస్ అని ఉంది. మేడం దగ్గర తాళం తీసుకుని కింది అంతస్తులో ఇనప బీరువా తెరిచింది. టైపు చేసిన కాగితాలు, మూల చినిగిన నల్ల అట్ట. ఎనభై ఏడో పేజీ. అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం.

చటుక్కున మూసేసింది. పైకి వచ్చింది.

"దొరికిందా?"

"లేదు మేడం."

ఎందుకలా అన్నదో మెట్లెక్కుతున్నప్పుడే ఆమెకు తెలుసు. ఆ ఆరు రోజులూ సాయంత్రం గదికి వెళ్లగానే ఆ పేరా ఉన్న కాగితం తెరిచి బల్ల మీద పెట్టేది. నీలం స్వెట్టరావిడ మంచం అంచున కూర్చునేది. ఈమె రెండు గ్లాసుల్లో నీళ్లు పోసేది. ఆవిడ తాగేది. అంతే, ఇంకేం లేదు. కానీ పొద్దున లేచి కడుగుతుంటే రెండో గ్లాసు అంచున పెదాల మరక ఉండేది. ఆ మరక మీద పీచు పెట్టి రుద్దుతుంటే ఆమెకు చేతులు మెల్లగా కదిలేవి.

పేరు రాస్తే ఆ మరక ఉండదు.

అలా నాలుగు నెలలు గడిచాయి. "ఇంకా దొరకలేదా?" "లేదు మేడం." మిగతా చాప్టర్లు ఆశ్చర్యంగా చకచకా అయిపోయాయి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉంటే పని ఇంత తొందరగా అవుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు. ఒక ఆదివారం అక్క ఫోనులో ఆగి, "ఏదో చప్పుడైంది, ఎవరున్నారే గదిలో?" అంది.

"నా మూడో చాప్టర్లో ఆవిడ."

"ఇంకా పేరు రాయలేదా? శుక్రవారం ఇవ్వాలన్నావుగా?"

"రాస్తాలే."

"రాయకపోతే?"

"రిజిస్ట్రేషన్ తీసేస్తారు. ఇదే ఆఖరి గడువన్నారు గైడు సారు."

కుక్కరు కూసింది. అక్క స్టవ్వు కట్టేసినట్టుంది, కూత ఆగింది. "ఏమేవ్, పోనీ వచ్చేసి మా ఇంట్లో ఉండు. ఒకళ్లు తినేదెంత." అక్క ప్రేమగానే అంది. ఆ ఇంట్లో గ్లాసులు పద్నాలుగున్నాయి. తనది ఏదో అక్కడ ఎవరికీ గుర్తుండదు.

గురువారం మధ్యాహ్నం మేడం ఆమె బల్ల దగ్గరికి వచ్చి, స్వెట్టరావిడకు తలాడించి, చెయ్యి చాపింది.

"బీరువా తాళం ఇస్తావా అమ్మాయ్? తీసుకుని నాలుగు నెలలైంది."

ఈమె తల దించుకుంది. తాళం బ్యాగులో ముందు అరలోనే ఉంది. "మీకు తెలుసా మేడం?"

"దొరకనివాళ్లు మూడో రోజుకే తాళం తెచ్చి బల్ల మీద విసిరికొడతారు. నువ్వివ్వలేదు."

"మరి అడగలేదేం?"

"రోజూ చూస్తున్నా కదా. నీ సీసాలో నీళ్లు మూతలో పోసి ఆవిడ ముందు పెడుతున్నావు." మేడం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేనూ ఒక్కదాన్నే ఉంటానమ్మా. నీ నలభయ్యొక్క ఇళ్లలో మాది పంతొమ్మిదోది. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ ఇంట్లో కుడివైపు పొయ్యి అసలు నల్లబడనే లేదు.

"ఒకసారి కిందికి వెళ్లు," అంది మేడం. "ఆ చిన్నక్షరాలు నేనూ చూశాను. ఎనభై ఏడో పేజీ కాదు, మొదట్నుంచి చూడు. తర్వాత నీ ఇష్టం."

ఈసారి ఆమె బీరువా ముందు నేల మీద కూర్చుంది. అట్ట తిప్పగానే చదివినవాళ్లు సంతకం పెట్టే చీటీ అంటించి ఉంది. యాభై రెండేళ్లలో ఒకే ఒక్క సంతకం, ఆ లావాటి పుస్తకం రాసినాయనది. తను చదివింది గానీ సంతకం పెట్టలేదు. దొంగలా వచ్చి దొంగలా వెళ్లింది కదా. తర్వాతి పేజీలో 'కృతజ్ఞతలు' అన్న మాట కింద గైడు పేరు లేదు, అమ్మానాన్నలు లేరు. ఒక్క ముక్కే టైపు చేసి ఉంది: 'దీన్ని చదివినవారికి.'

ఆమె ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. ఆ లావాటి పుస్తకమాయన ఆ చిన్నక్షరాలు రాయకపోయి ఉంటే తను ఈ నేల మీద కూర్చునేది కాదు. ఆయనా ఈవిడను తన గదిలోనే ఉంచుకుని ఉంటే? తను పేరు రాయకపోతే ఈ చీటీ మీద మూడో సంతకం ఎవరు పెడతారు?

పెన్ను తీసి రెండో సంతకం పెట్టింది.

శుక్రవారం పొద్దున గదిలో రెండు గ్లాసుల్లో నీళ్లు పోసింది. స్వెట్టరావిడ తాగేదాకా ఆగింది. "ఎనభై ఏడో పేజీ," అంది, ఎవరో అడిగినట్టు. మూడో చాప్టరులో ఆ వాక్యం కింద పేరు, ఏడాది, థీసిస్ శీర్షిక, పేజీ నంబరు రాసింది. అక్షరాలు వంకరపోకుండా రాసింది. స్వెట్టరావిడ లేచి, తన గ్లాసు తానే తీసుకెళ్లి కుళాయి కింద కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్లిపోయింది. గ్లాసు అంచున మరక లేకుండా కడిగింది. అదొక్కటే ఈమెకు కష్టమనిపించింది.

ఆఫీసులో గుమస్తా రెండు వందల ముప్ఫై పేజీలు తిప్పాడు. ఒక్కో పేజీకి ఒకసారి బెంచీ వైపు చూశాడు. బెంచీ మీద ఎండ పడుతోంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నేనండీ."

సీలు పడింది.

తర్వాత ఆమె వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరింది. జడ కత్తిరించుకుంది. అక్క ఆదివారాలు ఫోను చేస్తూనే ఉంది. "తిన్నావా?" "తిన్నా." రెండో గ్లాసు కడుగుతూనే ఉంది. మూడేళ్లు అలాగే వెళ్లిపోయాయి, చెప్పుకోవడానికేం లేదు.

ఒక సెలవురోజు పదిన్నరప్పుడు, గ్లాసులో పీచు తిప్పుతుండగా కాళ్ల కింద గచ్చు కాకుండా చెక్క తగిలింది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. వీపు మీద జడ బరువు తెలిసింది. ఎదురుగా బల్ల మీద పుస్తకాల గుట్ట వెనకాల, కళ్ల కింద నల్లటి వలయాలున్న ఒక కుర్రది కాగితం మీద వంగి ఉంది. కాగితం మీద ఆమె మూడో చాప్టరులో పేరా, రెండో గ్లాసు వాక్యంతో సహా, మొత్తానికి మొత్తం ఎక్కించి ఉంది. కింద చిన్నక్షరాలు లేవు. ఎవరి పేరూ లేదు.

పక్క కుర్చీ జరిగిన చప్పుడైంది.

మోచేతుల దగ్గర అతుకులు వేసిన నీలం స్వెట్టరు. ఆవిడ ఈమె చేతుల వైపు చూసింది. స్వెట్టరు చెయ్యి కొంచెం కిందికి లాగి, అదేదో రోజూ చేసే పనిలా, ఈమె వేళ్ల మీది నురగ తుడిచింది.

కుర్రది తలెత్తి, "అయ్యో, ఇద్దరా," అని గొణుక్కుని, కుర్చీలకు అడ్డంగా ఉన్న బ్యాగు తీసి కింద పెట్టింది. వెనకనుంచి తెలిసిన చెప్పుల చప్పుడు వచ్చింది. జుట్టు బాగా నెరిసిన పేజీ నంబరు మేడం బల్ల దగ్గర ఆగింది. స్వెట్టరావిడను చూసింది, జడ ఉన్న ఈమెను చూసింది. ఎప్పటిలా నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"మేడం, పేజీ నంబరు రాసుకోలేదు," అంది కుర్రది భయంగా. "ఎక్కడ వెతకాలో చెప్పండి."

"చెప్తాను. తప్పకుండా వెతకాలి, ఇద్దరి పేర్లూ రాయాలి." మేడం కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "నీ గడువు ఎప్పటిదాకా?"

"వచ్చే వేసవి దాకా మేడం."

"అయితే తొందరేం లేదమ్మా," అంది పేజీ నంబరు మేడం.