బొల్లి చేపిన రోజు

నా వేళ్ళకు రెండు వాసనలు.

ఒకటి గొంగడి వాసన. ఒకటి పెట్రోలు వాసన.

సబ్బుతో రుద్దాను. సున్నిపిండితో రుద్దాను. పోలేదు... పోకపోతే పోనీ అనుకున్నాను. గొంగడి మా నాయనది. పెట్రోలు మా ఆయనది. ఇద్దరూ నా ఒక్క చేతిలో ఇమిడారంటే అదేం చిన్న సంగతి కాదు.

గాలి వీస్తే రెండూ కలిసి వస్తాయి.

మా ఆయన కోటేశ్వర్లు. మార్కాపురంలో మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి తీసుకుని లేతు మిషను పెట్టుకున్నాడు. షెడ్డు వెనకే మా ఇల్లు. పలకలు కోసే రంపాలు, ట్రాక్టరు సామాన్లు, బోరు మోటార్లు — ఏది విరిగినా ఆయన దగ్గరికే వస్తుంది. పనికి పెట్టింది పేరు. మాటకు మాత్రం పిసినారి. ఆ ఉన్న నాలుగు మాటలూ పలక మీద బలపంతో రాస్తాడు. కొలతలు, బొమ్మలు, బాణం గుర్తులు... షెడ్డు గోడకు పది పలకలు వేలాడుతుంటాయి.

ఆ పలకల మీదే కారు పుట్టింది.

తర్వాత లారీలో వచ్చింది, ముక్కలు ముక్కలుగా. ఇనప చట్రం. ఫైబరు డొల్ల. బోల్టుల సంచులు పదకొండు. ఇంట్లోనే బిగించుకునే రేసు కారట! చూసినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

మూడేళ్ళు బిగించాడు.

మోకాలెత్తు కారు. టాపు లేదు. రెండే సీట్లు. ఎర్ర రంగు వేశాడు, మూతి దగ్గరికి వచ్చేసరికి రంగు చాలలేదు, ఓ తెల్లమచ్చ మిగిలిపోయింది. మా నాయన చెంచయ్య రాచర్ల నుంచి చూడ్డానికి వచ్చాడు. గొర్రెల మనిషి. దేనికైనా ఒంటి రంగు చూసి పేరు పెట్టడమే ఆయనకు తెలుసు. కారు చుట్టూ తిరిగాడు, మూతి నిమిరాడు.

"బొల్లి" అన్నాడు.

అంతే. బొల్లి.

రెండు సీట్లలో కుడిది ఆయనది. ఎడమది నాది.

ఒప్పుకుంటాను, ఆ సీటంటే నాకు ప్రాణం. నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటాం. రోడ్డు వచ్చి ఒళ్ళో పడుతుంది. కొంగు నడుముకు చుట్టకపోతే గాలి లాక్కుపోతుంది. కంభం చెరువు పక్కన నీళ్ళ మీది గాలి ముఖాన కొట్టినప్పుడు, ఒకసారి, గట్టిగా కేక వేశాను — నలభై నాలుగేళ్ళ దాన్ని, చిన్నపిల్లలా. మా ఆయన ఇంకొంచెం తొక్కాడు.

ఒక ఏడాది కార్తీకంలో మహానందికి బయల్దేరాం.

గిద్దలూరు దాటాం. దిగువమెట్ట దాటాం. నల్లమల ఎక్కుడు మొదలైంది. ఇటు వెదురు, అటు లోయ, మధ్యలో మేము. బొల్లికి అప్పుడు మూడు సిలిండర్ల చిన్న ఇంజను. మూడు గుటకలు వేస్తూ నడిచేది. ఆ మలుపు దగ్గర గుటక పడింది... ఇంకో గుటక పడింది... మూడోది పడలేదు.

వెనక నంద్యాల బస్సు. బస్సు నిండా జనం.

దిగాను. పట్టుచీరతో దిగాను. తోశాను. చెప్పు తెగింది. కిటికీలోంచి ఒకామె తల బయటపెట్టి, "ఊరి పేర్లోనే ఉండాదమ్మా, దిగు అని! దిగక ఏం చేస్తావు!" అంది.

బస్సంతా నవ్వింది.

మా ఆయన కూడా నవ్వాడు. అక్కడ చెడింది.

ఆ రోడ్డు మీదే చెప్పేశాను — "నన్ను దించని ఇంజను పెట్టిన్నాడు ఎక్కుతా. అంతదాకా నీ బొల్లికో దండం, నీకో దండం."

నాకు రోషం ఎక్కువ. మా పుట్టింట్లో గొర్రెలకే రోషం ఎక్కువ, ఇక మనుషుల సంగతి చెప్పాలా?

ఏడాది ఎక్కలేదు. ఆయనా బతిమాలలేదు. ఒక్కడే తిరిగాడు. ఎవరడిగినా ఎడమ సీట్లో కూర్చోనివ్వలేదు. కనీసం ఒక పానా కూడా పెట్టేవాడు కాదు అందులో. వారానికోసారి తడిగుడ్డతో తుడిచేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని.

ఎక్కాలని ఉంది. మాట తప్పాలని లేదు.

ఆ ఖాళీ సీటు ఎంత పిలిచేదో... నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య ఏడాది పాటు ఒక సీటు.

ప్రకాశం జిల్లాను కోసి చిన్నది చేశారే, ఆ ఏడాదే మేము బొల్లి మూతి విప్పాం.

ఒంగోలు నుంచి ఇంజను వచ్చింది. నాలుగు సిలిండర్లది. ఏదో పాత కారు తుక్కుకు పోతుంటే ఇంజను బాగుందని పట్టుకొచ్చాడు. గోనెపట్టా కప్పి షెడ్డులో పెట్టి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి వచ్చాడు. పలక చూపించాడు.

పలక మీద ఒకే మాట.

*దించదు.*

నేను నవ్వు ఆపుకుని పప్పు తిప్పుకుంటూ నిలబడ్డాను. కానీ ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

పాత ఇంజను తీయాలి. తీసేముందు ఏ వైరు ఎక్కడిదో, ఏ గొట్టం ఎక్కడిదో గుర్తులు పెట్టుకోవాలి. పలకల ఊరి మనిషి కదా, అన్నిటి మీదా బలపంతో గీతలు గీశాడు. నూనె చేతులు తగిలేసరికి గీతలన్నీ గంగలో కలిశాయి. అప్పుడు నేను అటక మీది మా నాయన పాత గొంగడి దించాను. అంచు ఎర్రది, నడుమంతా నలుపు. పోగులు లాగి వైర్లకు ముళ్ళు వేసి కట్టాను. తల్లీపిల్లా తప్పిపోకుండా మేము గొర్రెలకు కట్టేది ఇట్లాంటి పోగులే. ఒక ముడి ఉన్నదానికి ఒక ముడి ఉన్నది జత. రెండు ముళ్ళకు రెండు.

కారు అడుగున రెండు పెట్రోలు గొట్టాలు ఉంటాయి. ఒకటి ట్యాంకు నుంచి పెట్రోలు తెస్తుంది. ఇంకోటి, మిగిలింది మళ్ళీ ట్యాంకులోకి తీసుకుపోతుంది. చూపుకు రెండూ ఒకటే. తెచ్చేదానికి ఎర్రపోగు కట్టాను. తీసుకుపోయేదానికి నల్లపోగు.

అప్పుడే అంటుకుంది నా వేళ్ళకు ఆ వాసన.

చైను పుల్లీ మీద పాత ఇంజను లేచింది. బొల్లి మూతి బోసిపోయింది. కొత్తది దిగలేదు — బోల్టు కంతలు కలవలేదు. లేతు మీద కొత్త పట్టీలు చేశాడు. దిగలేదు. మళ్ళీ చేశాడు. నాలుగు ఆదివారాలు పోయాయి. అయిదో ఆదివారం పొద్దున, మెల్లగా, మెల్లగా... కూర్చుంది. కంతకు కంత కలిసింది. మా ఆయన ఈల వేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు ఈల వచ్చని నాకు తెలియదు.

కారు కింద పడుకుని గొట్టాలు తగిలిస్తూ అరిచాడు.

"ఎర్రది ఏదిమే?"

"తల్లిదారి!" అన్నాను, వంటింట్లోంచి.

"సరే!"

సరే అన్నాడు కదా అని నేనూ సరే అనుకున్నాను.

మర్నాడు కార్తీకంలో ఆఖరి సోమవారం. పోతే రేపే మహానందికి పోవాలి. నేను చీర కూడా తీసి పెట్టుకున్నాను — ఆయన చూడకుండా.

తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, అంటుకోలేదు.

మూత తీసి కాస్త పెట్రోలు పైనుంచి పోశాడు. నాలుగు గుటకలు వేసింది. ఆహా, ఎంత కమ్మటి నాలుగు గుటకలు! ఆగిపోయింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ నాలుగు గుటకలు. మళ్ళీ నిశ్శబ్దం. ప్లగ్గులు చూశాడు, కరెంటు బాగానే ఉంది. వైర్లు చూశాడు, ముడికి ముడి సరిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఆయన లేచి గోడ దగ్గరికి పోయాడు. తడిగుడ్డ తీసుకున్నాడు. పలక మీది ఆ ఒక్క మాట తుడిచేశాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోషం మండిపోనీ, నడవని కారులోనైనా సరే ఎక్కి కూర్చుందామా అనిపించింది.

అప్పుడు ఆటో దిగాడు మా నాయన. కూతురు రేపు కారెక్కుతుందని ఎవరో చెప్తే రాచర్ల నుంచి వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. బీడీ తీశాడు, పెట్రోలు వాసన చూసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. ఇంకోసారి తిప్పమన్నాడు. విన్నాడు.

"చేపలేదు" అన్నాడు.

మా ఆయన తల ఎత్తకుండానే, "ఇప్పుడు చేపలేంది మామా, కార్తీకమాసం!" అన్నాడు.

"ఆ చేపలు కాదు అల్లుడా! బొల్లి చేపలేదు అంటాండా."

లేతు మనిషికి ఏం తెలుసు? దూడ వచ్చి మూతితో పొడిస్తే ఆవు పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. చేపకపోతే ఎంత పితికినా చెయ్యి నొప్పే మిగులుతుంది. దిగడం అంటే ఏడాదిగా నాకు పడదు. కానీ పాలు మాత్రం దిగాలి. దిగితేనే బతుకు.

మా నాయన పాకుతూ పోయి గొట్టానికి చెవి ఆనించాడు.

"తిప్పు."

ఇంజను తిరిగింది.

"ఒట్టి చన్ను చీకుతాంది ఇది. పాలు లేని చన్ను పట్టిచ్చినారు దీనికి!"

మా ఆయనా నేనూ ఒకేసారి వంగాం. తలలు టక్కున గుద్దుకున్నాయి. ఎర్రపోగు గొట్టం తీసుకుపోయే వైపు తగిలించి ఉంది. నల్లపోగుది తెచ్చే వైపు.

"ఎర్రది తల్లిదారి అంటివి కదమే?"

"అన్నా."

"తల్లి దగ్గరికి పోయే దారే గదా?"

"కాదయ్యా! తల్లి దగ్గర్నుంచి వచ్చే దారి!"

ఆయన మా రాచర్లలో చూసింది సాయంత్రాలే. దొడ్డి తడిక తీయగానే పిల్లలన్నీ అరుచుకుంటూ తల్లుల దగ్గరికి పరిగెత్తడం. ఆయనకు తల్లిదారి అంటే అది. నాకు తల్లిదారి అంటే పాలొచ్చే దారి. పాతికేళ్ళ కాపురంలో ఒకే మాటకు చెరో అర్థం పెట్టుకుని బతికాం. ట్యాంకులో అడుగుదాకా మునగని గొట్టం నుంచి పాపం బొల్లి ఒట్టి గాలి పీల్చుతోంది, పొద్దున్నుంచీ.

మా నాయన తలపాగా ఊడేటట్టు నవ్వాడు.

"గొర్రెకైతే పోయే దారీ వచ్చే దారీ ఒకటేరా నాయనా! దీనికే రెండు పెట్టినారు, తిక్కోళ్ళు!"

గొట్టాలు మార్చారు.

తాళం తిప్పాడు. తిరిగింది... తిరిగింది... గాజుబుడ్డి లాంటి ఫిల్టరులో ఒక చుక్క మెరిసింది. ఇంకో చుక్క. అడుగు తడిసింది. సగమైంది. నిండింది.

నాలుగు గుటకలు.

మళ్ళీ నాలుగు.

తర్వాత లెక్క అందలేదు — ఒక్కటే ధార. షెడ్డు రేకులు వణికాయి. గోడ మీది పలకలు పదీ టకటకలాడాయి. మా నాయన బొల్లి మూతి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "చేపింది!" అని కేక పెట్టాడు. "చేపింది, చేపింది!" మా ఆయన నన్ను చూశాడు. ముఖమంతా మసి, మసి మధ్యలో పళ్ళు. ఆ మనిషిని నేను ఆ క్షణం మళ్ళీ పెళ్ళి చేసుకునేదాన్ని.

పలక తీసి మళ్ళీ రాశాడు. *దించదు.*

బలపం లాక్కుని కింద నేను రాశాను. *చూద్దాం.*

తెల్లారింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఎడమ సీట్లో కూర్చున్నాను. ఏడాది తర్వాత. సీటు నన్ను మరిచిపోలేదు. ముందు అద్దం చట్రానికి ఎర్రపోగు కట్టి ఉంది — ఎప్పుడు కట్టాడో.

కంభం చెరువు మీది గాలి. గిద్దలూరు. దిగువమెట్ట.

ఎక్కుడు.

వెదురు వెనక్కి పరిగెత్తింది. బొల్లి ఎక్కింది. గుటక తెలియకుండా ఎక్కింది. అదిగో ఆ మలుపు... ఇంకో ఇరవై గజాలు...

గొర్రెలు.

రోడ్డుకు అడ్డంగా, మంద మొత్తం. కాపరి ఎక్కడో వెనక పడ్డాడు. మా ఆయన బ్రేకు తొక్కాడు. సరిగ్గా అదే మలుపు, అదే ఏటవాలు. దిగి రెండు అడుగులు వేస్తే నిమిషంలో మంద అవతల పడుతుంది, ఆ విద్య నాకు పుట్టుకతో వచ్చింది. కానీ దిగను! కూర్చున్న చోటి నుంచే నాలుక మడిచి మా నాయన పిలుపు పిలిచాను. మంద చెవులు నిక్కించింది, కదిలింది. ఒక తెల్లమూతి గొర్రె మాత్రం ఆగి, బొల్లి మూతిని వాసన చూసి, సరేనన్నట్టు పోయింది.

వెనక హారను.

బస్సు. నంద్యాల బస్సు. నిండా జనం. కిటికీల్లోంచి తలలు.

ముందు ఖాళీ రోడ్డు, నిలువుగా. నిలబడ్డ చోటి నుంచి లాగాలి ఇప్పుడు. ఆయన నా వైపు చూశాడు. మూడేళ్ళ పని, ఏడాది మౌనం, ఒక పలక — అన్నీ ఆ చూపులో ఉన్నాయి.

నేను చెప్పులు విప్పి సీటు కింద పెట్టాను. కొంగు బిగించాను. ఎందుకైనా మంచిది.

ఎక్కిందా, దిగను. ఎక్కలేదా — దిగుతాను, తోస్తాను, ఈసారి బస్సు కంటే ముందు నేనే నవ్వుతాను. ఇంకో ఏడాది ఈ సీటు ఖాళీగా చూడటం నా వల్ల కాదు.

"పోనీ" అన్నాను.

ఆయన క్లచ్చు మీది కాలు మెల్లగా వదిలాడు...

అద్దం మీద ఎర్రపోగు ఊగింది. చెదిరిన జుట్టు తోసుకోబోతే వేళ్ళు ముక్కు దగ్గరికి వచ్చాయి. గొంగడి వాసన. పెట్రోలు వాసన.

కొండ మీద నుంచి గాలి వీచింది. రెండూ కలిసి వచ్చాయి.