మూడంగుళాల హోంవర్కు

పగిలింది బడిలో నీళ్ళ ట్యాంకు. మునిగింది మాత్రం టైలరు.

ట్యాంకు బాగుచేసేదాకా ఒకరోజు పిల్లలంతా ఇళ్ళలోనే చదువుకోవాలని బడి నడిపే సిస్టర్లు కబురుపెట్టారు. నర్సు ఉద్యోగం చేసే ఇల్లాలికి ఆరోజు పగటి డ్యూటీ. ఇక మిగిలింది ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఇంటిపట్టునే ఉండే ఈయన ఒక్కడే. "ఇంట్లోనే ఉంటావుగా, కాస్త చూసుకో" అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో కూర్చుని చేసేది కూడా పనేనని లోకంలో ఎవరూ నమ్మరు. కట్టుకున్న భార్య అసలే నమ్మదు.

పిల్లలిద్దరు. ఎనిమిదేళ్ళ కూతురిని అందరూ ఇన్‌స్పెక్టరు అంటారు. ప్రశ్న వేసిందంటే జవాబు రాబట్టేదాకా కదలదు. ఆరేళ్ళ కొడుకు అక్క ఎటు వెళితే అటే వెళతాడు కాబట్టి వాడికి తోక అనే పేరు స్థిరపడిపోయింది.

సిస్టర్ పంపిన కాగితంలో ప్రార్థన, లెక్కలు, జ్ఞానస్నానం నాటి గౌను వెతికి చూడడం, పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం, సాధన చేయడం, ఎవరో ఒకరికి కృతజ్ఞత చెప్పడం ఉన్నాయి. ప్రతి పనికీ ఎదురుగా రెండు గళ్ళు, ఒకటి పిల్లలది, ఇంకొకటి పెద్దలది. అడుగున ఎర్రసిరాతో గమనిక: పెద్దల గడిలో పిల్లలే టిక్కు పెట్టాలి.

"అంటే నిన్ను నేను చూసుకోవాలి నాన్నా" అని ఇన్‌స్పెక్టరు పెన్సిలు చెక్కుకుంది.

ఆదివారం ఆ పిల్లకు ప్రథమ దివ్యసత్ప్రసాదం, గుడిలో మొదటిసారి అప్పం అందుకునే రోజు. తల్లీతండ్రీ చెరోపక్కన నిలబడి బిడ్డతోపాటు సత్ప్రసాదం తీసుకోవాలట. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ముందు పాపాలు ఒప్పుకోనిదే అది తీసుకోకూడదు. టైలరు ఎనిమిదేళ్ళుగా పాపసంకీర్తనానికి వెళ్ళలేదు. పూజకు వస్తాడు, తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చుంటాడు, అందరికంటే ముందు బయటపడతాడు. గాలి కోసం అంటాడు అడిగితే.

"ఆదివారం ముందు బల్లకి వస్తావా నాన్నా?" అని వారంలో నాలుగోసారి అడిగింది.

"చూద్దాంలే."

"చూద్దాంలే అంటే రానని అర్థం. సైకిలు అడిగినప్పుడూ చూద్దాంలే అన్నావు."

టైలరు పాదం మిషను మీద గట్టిగా వేశాడు. ఆ చప్పుడులో ప్రశ్నలు వినపడవు. సాయంత్రం నాలుగింటికి ఫాదర్‌గారు పాదాల దాకా దిగే కొత్త తెల్లంగీ తొడిగి చూసుకోవడానికి వస్తారు. కాలరు కుట్టాలి, కాజాలు తియ్యాలి. కొలతల ఆదికి ఇచ్చిన పాత అంగీ గోడమేకుకు వేలాడుతోంది. మోచేతుల దగ్గర గుడ్డ పలచబడి అవతలి గోడ కనిపిస్తోంది.

లెక్కల పాఠం ఏమిటంటే, ఇంట్లో అయిదు వస్తువులు కొలిచి రాయాలి. టైలరు లోలోపల సంతోషించి మెడలోని టేపు తీసి ఇచ్చాడు. కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాడు. బల్ల కొలిచారు, తలుపు కొలిచారు. తోకను పడుకోబెట్టి కొలిస్తే వాడు నవ్వుతూ మెలికలు తిరిగి ఒకసారి నలభై మూడు, ఒకసారి నలభై ఆరు వచ్చాడు. చివరికి ఇన్‌స్పెక్టరు కుర్చీ ఎక్కి పాత అంగీ కొలిచింది. అంతటితో ఆగితే ఆమె ఇన్‌స్పెక్టరు ఎందుకవుతుంది? అల్మరాలోంచి పాత కొలతల పుస్తకం లాగింది.

"నాన్నా, పుస్తకంలో ఫాదర్‌గారి పొడవు యాభై ఎనిమిది. అంగీ యాభై అయిదే ఉంది. మూడంగుళాలు ఏమయ్యాయి?"

సూది వేలికి దిగింది. "ఉతకగా ఉతకగా గుడ్డ కుదించుకుపోతుందమ్మా."

ఆమె మళ్ళీ కొలిచింది. "భుజాలు కుదించుకుపోలేదే? సరిగ్గా పద్దెనిమిదే ఉన్నాయి."

"పొడవే కుదించుకుపోతుంది. నీకు తెలీదు, పని చూసుకో."

"సరే. అలాగే రాస్తాను." నోట్సులో గుండ్రటి అక్షరాలతో రాసింది: గుడ్డ పొడవులో మాత్రమే కుదించుకుపోతుంది, నాన్న చెప్పారు. తన అబద్ధం సిస్టర్ దిద్దే పుస్తకంలోకి ఎక్కడం చూసి టైలరుకి ఒళ్ళంతా చెమట పట్టింది.

ఆ మూడంగుళాలు ఏమయ్యాయో ఆయనకు తెలుసు. ఇన్‌స్పెక్టరు నెలలు నిండకుండానే పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. డాక్టరమ్మ పెదవి విరిచి, ఫాదర్‌ని పిలిపించుకోండి అంది. జ్ఞానస్నానానికి తెల్లగౌను కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఈ పిల్ల మునిగిపోయేంత పెద్దవి. బల్లమీద ఫాదర్‌గారి అంగీ గుడ్డ సుద్దగీతలతో పరిచి ఉంది. టైలరు ఆలోచించలేదు. గీతకు మూడంగుళాలు పైన కత్తెర పెట్టాడు. కింద మిగిలిన ముక్కలు అతికి గంటలో గౌను కుట్టి ఆసుపత్రికి పరుగెత్తాడు.

పిల్ల బతికింది. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. మర్నాడే ఫాదర్‌కి చెప్పేయాల్సింది. మర్నాడు చెప్పలేదు కాబట్టి ఆ మర్నాడు నోరు రాలేదు, ఆ తరవాత మరీ సిగ్గేసింది. పైగా వాకిట్లో తనే సొంత చేత్తో రాసి పెట్టుకున్న బోర్డు ఒకటి ఏడ్చింది: మిగిలిన గుడ్డ ముక్కతో సహా తిరిగి ఇవ్వబడును.

అసలే ఫాదర్‌గారు సైకిలు మీద తిరిగే మనిషి. చెయిన్లో పడకుండా ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుంటారు, మళ్ళీ బయటికి లాగడం మరిచిపోతారు. అంగీ మూడంగుళాలు పొట్టి. దాంతో ఎనిమిదేళ్ళుగా బలిపీఠం ముందు ఆయన మేజోళ్ళు ఊరంతటికీ దర్శనమిస్తున్నాయి. చివరి బల్ల మీద నుంచైతే అవి కనిపించవు. టైలరు కోరుకున్న గాలి అదీ.

భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్ళు పెట్టె తెరిచి గౌను బయటికి తీశారు. తోక దాన్ని టోపీలా నెత్తిన పెట్టుకుంటే సరిగ్గా సరిపోయింది. ఇన్‌స్పెక్టరు దాన్ని లాక్కుని, వెలుతురులో పట్టుకుని, వెళ్ళి గోడకున్న అంగీ పక్కన పెట్టింది.

"నాన్నా, రెండూ ఒకటే గుడ్డ!"

టైలరు కాజా తియ్యడం ఆపేశాడు.

"నాకు తెలిసిపోయింది" అంది ఆమె. మొహం వెలిగిపోతోంది. "నేను చిన్నగా పుట్టానని ఫాదర్‌గారు తన అంగీలోంచి నాకు గుడ్డ ఇచ్చారు. అందుకే ఆయనది పొట్టిదైపోయింది. ఎంత మంచివారో! కృతజ్ఞత పని ఆయనకే చేస్తాను. నాలుగింటికి వస్తారుగా, చెప్పేస్తాను."

వెంటనే కూర్చుని కార్డు గీయడం మొదలుపెట్టింది. నవ్వుతున్న ఫాదర్, కింద రెండు నీలం మేజోళ్ళు. ఆ బడిలో ఏ పిల్ల ఫాదర్‌ని గీసినా ముందు మేజోళ్ళే గీస్తుంది.

టైలరు గడియారం చూశాడు. మూడుంబావు. అందరికీ చిరుగులు కుట్టిపెట్టే మనిషికి తన చిరుగు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కార్డు దాచేద్దామా అనుకున్నాడు. పిల్లల్ని పక్కింటికి పంపేద్దామా అనుకున్నాడు. పిల్ల మొహం చూసి రెండూ మానుకున్నాడు.

ఈలోగా పాపసంకీర్తనం సాధన మొదలైంది. గది మూలన తెర కట్టిన ట్రయలు గది ఉంది. దాన్ని మించిన చోటు ఎక్కడ దొరుకుతుంది? తోకను ఫాదర్‌ని చేసి లోపల కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టరు బయట మోకరించింది.

"తమ్ముణ్ణి రెండుసార్లు కొట్టాను."

"అయిదుసార్లు!" అని తెర అరిచింది.

"ఫాదర్లు లెక్క సరిచేయకూడదురా!"

"నన్ను కొట్టినందుకు ప్రాయశ్చిత్తంగా నీ రంగుపెన్సిళ్ళు నాకిచ్చెయ్!"

సాధన మళ్ళీ కొట్లాటలోకి దిగుతుండగా వాకిట్లో సైకిలు గంట మోగింది. ఫాదర్‌గారు పది నిమిషాలు ముందే వచ్చేశారు. టైలరు కొత్త అంగీ ఆయన చేతికిచ్చి, నోటికొచ్చిన ప్రార్థనలన్నీ లోపల చదువుకుంటూ తెర తీశాడు. తోక బయటికొచ్చాడు, ఫాదర్ లోపలికి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు కార్డు వెనక్కి దాచుకుని తెర ముందు నిలబడింది. ఆయన బయటికి రాగానే చెప్పేస్తుంది. ఇక తప్పించుకునే దారి లేదు.

తప్పించుకోకుండా ఉండే దారి ఒకటుందని అప్పుడు తోచింది టైలరుకి.

"అమ్మా, ఆ సంకీర్తనం పనికి పెద్దల గడి ఒకటి ఉంది కదా?"

"ఉంది. ఖాళీగా ఉంది."

"తమ్ముణ్ణి తీసుకుని వాకిట్లోకి వెళ్ళు. నేను పిలిచేదాకా రాకండి."

సంకీర్తనం ఎవరూ వినకూడదని ఇన్‌స్పెక్టరుకి సిస్టర్ నేర్పింది. తమ్ముణ్ణి వాకిట్లోకి లాక్కెళ్ళి, వాడి చెవులు రెండూ తన అరచేతుల్తో మూసింది. వాడు గిలగిల్లాడుతూనే అక్క చెవులు మూశాడు. 

టైలరు తెర ముందు మోకరించాడు. తెర కూడా ఆయన కుట్టిందే, అదీ పొట్టిదే. దాని కింద, సరిగ్గా కళ్ళకెదురుగా, రెండు నీలం మేజోళ్ళు.

"ఫాదర్, నాకు సంకీర్తనం చేసుకోవాలనుంది."

లోపల కొత్త అంగీ మడతలు విప్పుతున్న చప్పుడు ఆగింది. "పిల్లల హోంవర్కా, నిజమా?"

"నిజమే ఫాదర్. ఎనిమిదేళ్ళయింది."

కాస్త గలగల. జేబులోంచి సంకీర్తనం వినేటప్పుడు వేసుకునే ఊదారంగు పట్టీ తీసి మెడలో వేసుకున్నట్టున్నారు. "చెప్పు నాయనా."

టైలరు చెప్పాడు. గుడ్డ గురించి, గౌను గురించి, పెదవి విరిచిన డాక్టరమ్మ గురించి. మేజోళ్ళకే చెప్పాడు, తలెత్తలేదు. "బోర్డు ఒకటి పెట్టుకున్నాను ఫాదర్, దాన్ని చూసి కూడా సిగ్గుపడలేదు" అని ముగించి చొక్కాచేతికి కళ్ళు తుడుచుకున్నాడు.

తెర కింద మేజోళ్ళు ఒక అడుగు ముందుకొచ్చాయి.

"నాకు ఆరోజే తెలుసయ్యా" అన్నారు ఫాదర్. "నీళ్ళు పోస్తుంటే గౌను అంచు మడత తిరగబడింది. నీ సుద్దతో రాసిన యాభై ఎనిమిది అక్కడుంది. అంత చిన్నపిల్లకి యాభై ఎనిమిది కొలత ఎవరిదై ఉంటుందీ?"

"మరి అడగలేదేం ఫాదర్?"

"నువ్వే చెబుతావని చూశాను. ఈరోజు చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ ఎనిమిదేళ్ళుగా మేజోళ్ళు శుభ్రంగా ఉతుక్కుంటున్నాను." ఆయన గొంతులో నవ్వుందో తడుందో తెలియలేదు. "మూడు పరలోక జపాలు చెప్పుకో. అంగుళానికొకటి చొప్పున. ఇక మనస్తాప జపం మొదలుపెట్టు."

ఆ పశ్చాత్తాప ప్రార్థన సగంలో మాటలు తడబడితే లోపలినుంచి ఆయనే అందించారు. పాపం క్షమించబడిందని విమోచనం చెప్పారు. టైలరు లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ప్యాంటు నిండా దారం ముక్కలు.

ఫాదర్ కొత్త అంగీ తొడుక్కుని, తెర తీసుకుని బయటికొచ్చారు. దాని అంచు బూట్లను కప్పేసింది. మేజోళ్ళు లేని ఫాదర్‌ని చూసి తోక కంగారుపడి, వంగి అంగీ ఎత్తి చూసి, ఉన్నాయని నిర్ధారించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కార్డు చాచింది. "ఫాదర్, నేను పుట్టినప్పుడు మీ అంగీలోంచి నాకు గుడ్డ ఇచ్చారు కదా. అందుకు థాంక్యూ."

టైలరు బల్ల అంచు పట్టుకున్నాడు.

ఫాదర్ బొమ్మ చూశారు, మేజోళ్ళు చూశారు, కార్డు మడిచి గుండెకి దగ్గరున్న జేబులో పెట్టుకున్నారు. "ఇచ్చానమ్మా. మనస్ఫూర్తిగా ఇచ్చాను" అన్నారు.

సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగింది. మిగిలిన గుడ్డంతా, పిడికెడు ముక్కతో సహా, ఆయన సైకిలు క్యారియరు మీద ఉంది. ఇన్‌స్పెక్టరు కాగితం ముందేసుకుని పెన్సిలు నాలికకి అద్దుకుంది.

"నాన్నా, ఆదివారం ముందు బల్లకి..."

"వస్తాను."

ఆమె తలెత్తి తండ్రిని ఎగాదిగా చూసింది. చూద్దాంలే అనలేదు. అబద్ధమాడుతున్నట్టూ లేడు. పెద్దల గడిలో టిక్కు పెట్టి, పక్కనే సిస్టర్ చదువుకోవడానికి వీలుగా గుండ్రంగా రాసింది: నాన్న బాగా చేశారు. కానీ చాలా టైం తీసుకున్నారు.