శ కింద పిల్లనత్త

తప్పు మీదే. లైబ్రరీ కమిటీ పెద్దలు ఐదుగురూ, మీరే. నా అక్షరాల మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి నాలుగు మూలలా నాలుగు మేకులు కొట్టించింది మీరే. సుత్తి ఇంకొకడి చేతిలో ఉంది గానీ మాట మీది. "పైనుంచి చెప్పారమ్మా" అన్నాడు మేకులు కొట్టినవాడు. ఆ పైన ఏముందో నాకు తెలుసు. పైన ఫ్యానుంది, ఫ్యాను కింద మీ ఐదు కుర్చీలున్నాయి. అంతే.

ఏం మూశారో మీకు తెలియదు. చూస్తేగా తెలిసేది! అందుకే మొదటినుంచీ చెబుతాను.

నేను బోర్డులు రాస్తాను. ఐదో తరగతితో బడి మానేసి నాన్న వెనక రంగుడబ్బాలు మోసినదాన్ని. నాన్న పోయి మూడేళ్లయింది. ఆయన కుంచెలు నాకొచ్చాయి, దుకాణం అన్నకొచ్చింది. అన్న అందులో ఫ్లెక్సు మిషను పెట్టాడు. లోపల మిషను గరగరలాడుతూ గంటకి గజాల కొద్దీ బొమ్మలు కక్కుతుంటే బయట మెట్ల మీద కూర్చుని నేను నంబరు ప్లేట్లు రాసేదాన్ని. గోడ అనేది నా చేతికి దొరికి రెండేళ్లయింది. రెండేళ్లు! ఒక్క గోడ కూడా లేకుండా బతకడం మీకెవరికైనా తెలుసా?

అలాంటప్పుడు లైబ్రరీ మేడమ్ నడుచుకుంటూ మా దుకాణానికే వచ్చింది. మిషను వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"పేపర్లు చదివే గదిలో ఒక్క మాట రాయాలమ్మా. నిశ్శబ్దం. చూడగానే నోళ్లు మూతపడాలి."

"బోర్డు చూసి నోరు మూసుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు మేడమ్."

"అందుకే నీ దగ్గరికొచ్చాను. సోమవారం పదింటికి కమిటీ వస్తుంది. వాళ్లకి నచ్చకపోతే ఫ్లెక్సు కట్టేస్తారట. నచ్చితే మిగతా మూడు గోడలూ నీకే."

ఆమె మెట్లు దిగీ దిగకముందే అన్న తల బయటపెట్టాడు. నా ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుందని వాడు నన్ను మరక అని పిలుస్తాడు.

"ఒసేయ్ మరకా, పందెం. ఈ గోడ కూడా పోతే కుంచెలు మూటగట్టి అటక మీద పడేసి మిషను దగ్గర కూర్చుంటావా?"

"కూర్చుంటా. పోకపోతే?"

"పోకపోతే నీకు నిచ్చెన పట్టుకుంటా."

"పట్టుకోవడం కాదురా, మొయ్యాలి."

"సరే, మోస్తాలే. ముందు గెలువు."

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. ఆ గది సంగతి చెప్పాలి. పొడుగాటి బల్లలు రెండు, ఈడిస్తే కీచుమనే కుర్చీలు ఇరవై. ఫోనులో పాట పెట్టుకుని పేపరు తిరగేసే డ్రైవరు ఒకడు. పరీక్షలకి చదువుకుంటున్నామని చెప్పి సంబంధాలు మాట్లాడుకునే ఆడపిల్లలు ఇద్దరు. అందరికన్నా పైన, ప్రూఫు తాతయ్య. ముప్పై ఏళ్లు ప్రెస్సులో తప్పులు దిద్దే ఉద్యోగం చేసి వచ్చాడు. పేపరు మనసులో చదవడం చేతకాదు ఆయనకి. గట్టిగా చదువుతాడు, తప్పు కనబడితే ఇంకా గట్టిగా తిడతాడు.

గోడకి నడుమ చెక్క స్విచ్చిబోర్డు ఒకటి, నల్లగా, గది ఫ్యాన్లన్నిటికీ అదే. దాని పైన పట్టేలాగా నాన్న రేకులు పెట్టి సుద్ద దారంతో గీతలు కొట్టాను. నాన్న రేకులంటే ఆయన తన చేత్తో కోసిన అక్షరాల అచ్చులు. నలభై ఏళ్లు ఆయన ఆసుపత్రులకీ ఆఫీసులకీ ఈ మాట ఈ రేకులతోనే రాశాడు. నేనూ అలాగే దించాను. ని. శ. బ్ద. సున్న. మధ్యాహ్నానికి నీలిరంగు ఆరిపోయింది.

వెనక్కి జరిగి చూసుకున్నాను. చచ్చిన చేపలు వరసగా పడుకోబెట్టినట్టున్నాయి అక్షరాలు. ఎందుకో అర్థం కాలేదు. అంతలో వెనకనుంచి తాతయ్య గొంతు.

"అమ్మాయ్! శ కింద ఇంకో శ ఏదీ?"

"ఇంకో శ ఏంటి తాతయ్యా?"

"నిశబ్దం కాదే, నిశ్శబ్దం. ని, శ్శ! నోటితో అను. శ్శ!"

అన్నాను. గదిలో అందరూ అన్నారు. శ్శ. నలభై ఏళ్లు మా నాన్న తప్పు రాశాడు! ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, అంతటా! ఒక్కడూ అడగలేదు. అందరం నిశబ్దం అనే పలుకుతాం, అదే రాస్తాం.

"మీ నాన్నకి కూడా చెప్పానమ్మా ఒకసారి," అన్నాడు తాతయ్య. "'రేకు కోసేశానయ్యా, ఇప్పుడు భాషనే మార్చుకోండి' అన్నాడు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ రేకులు తీసి సంచిలో పెట్టేశాను. ఇంటికెళ్లి చెబితే అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంకేముందే, సోమవారం నీ కుర్చీ తుడిచి పెడతా" అన్నాడు. వదిన కలగజేసుకుంది. "మీ మిషను మాత్రం రాసిందా సరిగ్గా? గుమ్మంలో వేలాడే నమూనా చూడండి ముందు." చూశాడు. నిశబ్దం. నోరు మూసుకున్నాడు.

శనివారమంతా ఆ ఒత్తు కాగితాల మీద గీశాను. ఏది గీసినా బయటినుంచి తెచ్చి అతికించినట్టే ఉంది. పైన శ ఒక తీరు, కింద ఒత్తు ఒక తీరు. రెండూ పరాయివాళ్లలా ఉన్నాయి. అమ్మ కింద బిడ్డలా ఉండాలి కదా! సాయంత్రానికి కాగితాలన్నీ ఉండచుట్టి పడేశాను.

ఆదివారం తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. మేడమ్ తాళం ఇచ్చింది కాబట్టి ఏడింటికే వెళ్లాను. కుంచెలు కడుక్కుందామని లైబ్రరీ వెనక కుళాయి దగ్గరికి పోయాను. కుళాయి వెనక గోడకి నాచు పట్టి ఉంది, చెయ్యి పెడితే మెత్తగా, తడిగా. ఆ నాచు మీద ఒక నత్త.

నాకింత వయసొచ్చింది, నత్తని చూడలేదా? వెయ్యిసార్లు చూశాను. ఆ రోజు చూసినట్టు చూడలేదు. గుల్ల ఒకే ఒక్క గీతగా లోపలికి చుట్టుకుపోయింది. తల ఎత్తింది. ఎత్తిన తల ఒక పక్కకి వాలి, మెడ వంపు తిరిగి... తలకట్టు! అది తలకట్టే! నా కళ్లముందు శ పాకుతోంది! దాని కిందే, వేలెడు దూరంలో, గోరంత పిల్లనత్త. వానకి భయపడిందేమో, తల గుల్లలోకి లాక్కుంది. తల లేదు. తలకట్టు లేని శ. ఒత్తు! శ కింద శ ఒత్తు, తడి గోడ మీద, ఎవరూ రాయకుండా!

చేతిలో కుంచెలు కింద పడేశాను. "శ్శ!" అని అరిచాను. శ్శ అని అరిచిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. కుళాయి తిప్పడానికి వచ్చిన తోటమాలి బిత్తరపోయి వెనక్కి తగ్గాడు.

"ఏమైందమ్మా, పామా?"

"శ, అయ్యా! శ!"

"శ అంటే ఏ పామమ్మా?"

ఆయనకి చెప్పే ఓపిక లేదు. అక్కడే నేల మీద బోర్లా పడుకుని అరగంట చూశాను. పాకేటప్పుడు దాని వెనక మెరిసే తడిచార. గీత ఎక్కడ లావెక్కుతుంది, ఎక్కడ సన్నబడుతుంది, అంతా ఆ చారలో ఉంది. నా అక్షరాలు చచ్చిన చేపల్లా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. రేకుతో దించిన గీత అంతటా ఒకే లావు. బతికున్నదేదీ అంతటా ఒకే లావుగా ఉండదు!

ఆ తర్వాత ఇక ఆగలేదు. కళ్లు తెరిస్తే అక్షరాలే. వీధిలో ఒకావిడ గొడుగు వేసుకుని పోతోంది: ని మీద గుడి, అచ్చం అదే వంపు. గుంటలో నీటిచుక్క పడి విచ్చుకున్న చుట్టు: సున్న. ఒక్క బ దగ్గర చిక్కుబడ్డాను. బ కి తలకట్టు ఉండదు కదా, బోడిగా ఉంటుంది. ఆలోచిస్తూ గదిలోకి వచ్చేసరికి తలుపు తీసి ఉందని ప్రూఫు తాతయ్య వచ్చి కూర్చున్నాడు. నున్నటి బోడితల. వాన చప్పుడు మళ్లీ మొదలైందా అని చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటున్నాడు. బోడితల, కింద చెయ్యి ఆనించిన చెవి. బ్ద!

"తాతయ్యా, కదలకు!"

"ఏమే? తేలు గానీ పాకుతోందా?"

"నువ్వు అక్షరమయ్యావు."

"ముప్పై ఏళ్లు దిద్దాను, ఇప్పుడు నన్నే దిద్దుతావన్నమాట" అన్నాడు గానీ కదల్లేదు మహానుభావుడు.

పాత రాత మీద తెల్లరంగు రెండు పూతలు వేశాను. ఆరాక రేకులు లేకుండా, గీతలు లేకుండా, కుంచె తడి ఎంతసేపు నడిపిస్తే అంతసేపు నడిచాను. ని కి గొడుగు పట్టాను. శ తల ఎత్తింది. బ్ద చెవి ఆనించి విన్నది. సున్న విచ్చుకుంది. కానీ శ కింద స్విచ్చిబోర్డు. ఒత్తుకి చోటు సగమే ఉంది. అక్షరాలన్నీ చిన్నవి చేసి మళ్లీ రాయాలా? ఒక్క క్షణం ఆగాను. నత్త ఆగుతుందా? దారిలో చెక్క వస్తే చెక్క ఎక్కుతుంది. కుంచె ఆపకుండా గోడ దిగి చెక్క మీదికి వచ్చేశాను. పిల్లనత్త సగం గోడ మీద, సగం స్విచ్చిబోర్డు మీద!

సోమవారం ఎనిమిదింటికి తలుపు తీశారు. నేను మూల నిలబడ్డాను. డ్రైవరు ఫ్యాను వేద్దామని స్విచ్చి దగ్గరికి పోయాడు. చెయ్యి ఆగిపోయింది. పిల్లనత్త వెనకే కళ్లు పైకి పాకాయి, పైనున్న తల్లిని చూశాడు, పక్కకి చూశాడు, చదివాడు. ఫోనులో పాట ఆపేశాడు. ఆడపిల్లలిద్దరూ కుర్చీలు ఈడవకుండా ఎత్తి పెట్టుకున్నారు. తాతయ్య నోరు కదిలింది గానీ మాట రాలేదు. మనసులో చదువుతున్నాడు! రెండు గంటలు, పెద్దలారా. రెండు గంటలు ఆ గదిలో కాగితం తిరగేసిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పదింటికి మీరు వచ్చారు. ఆ గదిలో చప్పుడు చేసింది మీరు మాత్రమే.

"ఇదేంటమ్మా, స్విచ్చిబోర్డు మీద పురుగు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఒత్తండీ."

"అక్షరం గోడ దాటి రావడమేంటి? పద్ధతంటూ ఉండక్కర్లా?"

"గదిలో చూడండి సార్, ఎవరూ మాట్లాడట్లేదు," అంది మేడమ్.

"అదంతా తర్వాత. శుభ్రంగా ఫ్లెక్సు కొట్టించండి."

అక్కడికక్కడే కాగితం తీసి, తన చేత్తో మాట రాసి, కింద సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితం మా అన్న దగ్గరికే వచ్చింది. మంగళవారం మేకులు పడ్డాయి. నేను కుంచెలు మూటగట్టుకుని, చూడబుద్ధి కాకపోయినా చూసిపోదామని వెళ్లాను. లోపలినుంచి నవ్వు. తాతయ్య కుర్చీలోంచి జారిపోయేలా నవ్వుతున్నాడు.

తల ఎత్తి చూశాను. ఎర్రటి పెద్ద అక్షరాలతో ఫ్లెక్సు: నిశబ్దం. స్విచ్చిలకి అడ్డం రాకూడదని స్విచ్చిబోర్డు పై అంచు దగ్గరే ఆపేశారు. మీ శ కింద, చెక్క మీద, సగం బయటికొచ్చి నా పిల్లనత్త. సరిగ్గా ఉండాల్సిన చోట!

"ముప్పై ఏళ్లలో ఇంత చక్కటి దిద్దుబాటు చూడలేదే!" అన్నాడు తాతయ్య కళ్లు తుడుచుకుంటూ.

పరుగెత్తుకుంటూ దుకాణానికి పోయాను.

"అన్నా, తప్పని తెలిసి కొట్టావా?"

"ఆయన రాసిచ్చిందే కొట్టా. అక్షరాలు కొట్టేవాణ్ణి, దిద్దేవాణ్ణి కాదు." మిషను వైపు తిరిగాడు. "కొలత మాత్రం నాదే. శ సరిగ్గా స్విచ్చిబోర్డు పైకి రావాలని రెండుసార్లు వెళ్లి కొలిచొచ్చా."

వాడి మొహంలోకే చూశాను.

"అలా చూడకు మరకా. మిషను దగ్గర నీకు కుర్చీ లేదు. నిచ్చెన ఎక్కడ పెట్టావ్?"

కాబట్టి వినండి. మీ ప్రెసిడెంటు గారు సంతకం చేసిన కాగితం, ఒత్తు లేని మాటతో సహా, అన్న నాకిచ్చేశాడు. దాన్ని ఎవరికీ చూపించి పరువు తియ్యను. నాకా సరదా లేదు. మీకంటే మా నాన్న ఎక్కువసార్లు తప్పు రాశాడు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వచ్చే మీటింగులో కాదు, సోమవారం కాదు, ఇప్పుడు. ఆ నాలుగు మేకులూ పీకండి. పీకి, పేపర్ల గదిలో ఐదుగురూ పది నిమిషాలు కూర్చోండి. అప్పుడు మీ నోట మాట వస్తే నన్ను అడగండి. తర్వాత మిగతా మూడు గోడలూ నాకివ్వండి. బయట మళ్లీ మబ్బు పట్టింది, చూడాల్సినవి చాలా ఉన్నాయి. నేను మీ గుమ్మం ముందే ఉన్నాను. నిచ్చెన మా అన్న భుజం మీద ఉంది.