సైరన్ ఊడదీశాక

“ఇందులో ఎంతమంది పోయారో కనుక్కున్నారా?”

నన్ను చూడగానే నూకరత్నం తన భర్త జోగారావును అడిగిన మొదటి మాట ఇది. అప్పటికి వాళ్ల వాకిట్లో నా చక్రాలు పూర్తిగా ఆగనైనా లేదు.

నేను ఒక పాత అంబులెన్సును. అనకాపల్లిలో ఒక ఆసుపత్రికి పదమూడేళ్లు పనిచేశాను. తుక్కు కింద వేలం వేస్తే, బీరువాలు చేసే వడ్రంగి జోగారావు నన్ను కొనుక్కున్నాడు. నూకరత్నం అడిగినదానికి జవాబు నాకు తెలుసు. నాలో ఇద్దరు పోయారు, పద్నాలుగు మంది పుట్టారు. పుట్టినవాళ్ల లెక్క ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు టైర్లు లేకుండా, జోగారావు కార్ఖానా వెనక ఇటుకల మీద నిలబడి ఉన్నాను. నా కడుపులో ఆయన ప్లైవుడ్ ముక్కలు దాచుకుంటాడు. గుర్తు చేసుకోవడం తప్ప నాకు వేరే పని లేదు.

నా చదువు రోడ్డు పక్క బోర్డుల దగ్గరే ఆగిపోయింది. ‘ప్రమాదకరమైన మలుపు’, ‘నెమ్మదిగా వెళ్లుము’. అన్నీ భయపెట్టే మాటలే. పైగా ఎవరికైనా ఏదైనా అయితేనే నన్ను పిలిచేవారు. అందరం బాగున్నాం, ఒకసారి వచ్చి వెళ్లమని పిలిచిన ఇల్లు ఒక్కటి లేదు. దాంతో ఎక్కడ ఫోను మోగినా ముందు చెడే తోచడం నాకు అలవాటైంది. అందుకే నూకరత్నాన్ని చూస్తే నాకు సొంత చుట్టాన్ని చూసినట్టు అనిపించింది.

కొన్న కొత్తలో జోగారావు నన్ను ఇల్లు చేశాడు. స్ట్రెచర్ ఉన్నచోట మంచాలు, ఆక్సిజన్ సిలిండర్ ఉన్నచోట గ్యాసు పొయ్యి. సైరన్ ఊడదీసి ఇంట్లో అటక మీద పెట్టాడు. ఒళ్లంతా మీగడ రంగు వేశాడు గానీ, ఎండ పడితే కిందనున్న ఎర్ర గుర్తు లీలగా కనిపించేది. అది చూసి లారీలు పక్కకు తప్పుకునేవి, ముసలివాళ్లు దండాలు పెట్టేవారు. నూకరత్నం ప్రతిసారీ కిటికీలోంచి తల బయటపెట్టి, మాకేమీ కాలేదు, బాగానే ఉన్నామని చెప్పేది.

ఇంత ఏర్పాటూ ఒక్క మాట కోసం. వాళ్ల ఒక్కగానొక్క కూతురు హైమకు ఓడల్లో పని నేర్పే చదువులో సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ సోమవారం చెప్పాలి. తండ్రి సరేనన్నాడు. అమ్మ తన నోటితో వెళ్లమంటేనే వెళ్తానని హైమ కూర్చుంది. అమ్మేమో పదకొండు రోజులుగా ఆ సంగతి ఎత్తడం లేదు. గ్యాసు గురించి, పాముల గురించి, ఎక్కడో ఊడిపడిన సీలింగు ఫ్యాను గురించి గంటల తరబడి చెప్పే మనిషి, ఓడ అనగానే లేచి వెళ్లి గిన్నెలు తోమేది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. సముద్రం పక్కన మూడు రోజులు ఉంటే భయం పోతుందని జోగారావు ఎత్తు వేశాడు. దగ్గరుండి చూస్తే పోయేదే అయితే, పదమూడేళ్లలో నా భయం ఎప్పుడో పోవాలి.

బయలుదేరేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అందరూ చేసేదే. నూకరత్నం ఆగిన చోటల్లా పెట్టేది. అందుకని ఒక సంచెడు నిమ్మకాయలు వెంట తెచ్చింది. అవి చితికిన చప్పుడు చెవిన పడితే గాని బండి ఎక్కేది కాదు.

మొదటి రాత్రి ముత్యాలమ్మపాలెం తీరంలో, అల రోడ్డు మీదికి వస్తుందేమోనని చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంది. రెండో రోజు తంతడిలో హైమ రాళ్ల మీద నడుస్తుంటే, ఒక్కో రాయికి ఒక్కసారి ఉన్నావా అని కేక వేసింది. ఉన్నాను, ఉన్నాను అని చెప్పీ చెప్పీ హైమ గొంతు బొంగురుపోయింది.

మూడో రోజు రేవుపోలవరం. నన్ను ఒక వాలు మీద ఆపారు. కింద నల్లని రాళ్లు, రాళ్ల మీద విరిగే అలలు. నా హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. అది తెలుసు గనక జోగారావు ముందు చక్రాలకు రెండు బండరాళ్లు అడ్డం పెట్టాడు. భోజనాలయ్యాయి. ఆయన నీళ్లు తేవడానికి వెళ్లాడు. హైమ చాప దులుపుతోంది. ఆయన వచ్చేలోగా నిమ్మకాయల పని ముగిద్దామనుకుంది నూకరత్నం. వెనక చక్రాలకు పెట్టింది. ముందుకు వచ్చి చూస్తే, నిమ్మకాయ ఉండాల్సిన చోట రాయి కూర్చుని ఉంది.

రాయిని లాగేసింది. ఆ చోట నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకుంది. ఇంకా ఒక రాయి ఉంది కదా అని నేను గుండె చిక్కబట్టుకున్నాను. ఆమె ఇటు తిరిగి వచ్చి దాన్నీ లాగేసింది. రెండున్నర టన్నుల నన్ను రెండు నిమ్మకాయలకు అప్పగించింది.

అరుద్దామంటే నాకున్న ఒకే ఒక నోరు అటక మీద ఉంది.

నిమ్మకాయలు చితికాయి. నేను కదిలాను. నూకరత్నం నా తలుపు పిడి పట్టుకుని, తాడు తెంచుకున్న గేదెతో అన్నట్టు, ఆగే, ఆగే అంటూ నాతోపాటు పరుగెత్తింది. హైమ చాప విసిరేసి అటువైపు నుంచి లోపలికి ఎగబాకింది. ఇంజను ఆగి ఉంటే నా బ్రేకూ స్టీరింగూ మొండికేస్తాయి. ఆ పిల్ల రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడి, ఒంటి బరువంతా వేసి స్టీరింగుకు వేలాడింది. నేను మెల్లగా పక్కకు తిరిగి, మొగలి పొదల్లోకి దూరి ఆగాను. నాకు ఒక అద్దం పోయింది. అలలు విరిగే ఆ నల్లరాళ్లలో మొదటిది ఇంకా మూడు బారల దూరంలో ఉంది.

జోగారావు పరుగున వచ్చి, పక్కనున్న బండరాళ్లనూ చితికిన నిమ్మకాయలనూ చూశాడు. అంతా అర్థమై, తెలివిగా నోరు మూసుకున్నాడు. దగ్గర్లో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తాడు కట్టి నన్ను బయటికి లాగారు.

“ఎవులు తిప్పినారు బండి?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“మా పాప,” అంది నూకరత్నం.

“డ్రైవింగొచ్చేటి?”

“రాదు.”

ఆయన హైమ వైపు ఒకసారి చూసి, తాడు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. హైమ స్టీరింగు ఒరుసుకుని ఎర్రబడిన చేతులు అమ్మకు కనబడకుండా వెనక దాచుకుంది. నూకరత్నం ఆ చేతులనే చూస్తోంది.

తిరుగు దారిలో ఆమె ముందు సీట్లో కూర్చుంది. లారీ ఒకటి ఒరుసుకున్నట్టు దాటినా ఏమీ అనలేదు. ఎవరో దండం పెడితే తల బయట పెట్టలేదు. నాలో ఎక్కినవాళ్లు ఉన్నట్టుండి మాట్లాడడం మానేస్తే దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. జోగారావు మొహం చూస్తే, సరే అనిపించడానికి వచ్చి వద్దు అనిపించుకుని వెళ్తున్నట్టుంది.

ఎలమంచిలి దాటాక హైమ వెనక నుంచి నెమ్మదిగా అంది.

“అమ్మా, రేపు సోమవారం. వొద్దంటే వొద్దని సెప్పీ. నేనేటీ అనుకోను.”

కశింకోట వచ్చింది, వెళ్లింది. జోగారావు రెండుసార్లు ఊరికే దగ్గాడు. శారదా నది వంతెన ఎక్కాం. ఊరు కనబడుతోంది. అప్పుడు నూకరత్నం వెనక్కి తిరక్కుండానే నోరు విప్పింది.

“ఆ ఓడకి స్టీరింగు ఎక్కడుంటాదో ముందు కనుక్కోయే. దాని దగ్గిరే నీకు మంచం ఎయ్యమని సెప్పు.”