పేరు కొట్టించిన కుండలు

సిద్దిపేట పాత బజారులో అయిత కాశీనాథం దుకాణానికి వచ్చి స్టీలు గిన్నె కొన్నవాళ్లెవరూ పేరు కొట్టించుకోకుండా మెట్లు దిగి ఎరగరు. దుకాణం అరుగు మీద ఇస్తారి ఒక చిన్న కరెంటు మిషను పట్టుకుని కూచునేవాడు. దాని ములుకును గిన్నెకు ఆనించి జుర్రుమనిపించాడంటే ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, పెళ్లి తేదీ వరసగా పడిపోయేవి. కొందరు 'ప్రేమతో' అని కూడా కొట్టించేవారు, ప్రేమ ఉన్నా లేకపోయినా మాట చెరగకూడదని. పేరు లేని గిన్నె పెళ్లి వంటల్లో పడితే మళ్లీ ఇంటికి రాదని కాశీనాథం నమ్మకం. నమ్మకమేమిటి, అనుభవం. కోహెడలో మేనల్లుడి పెళ్లికి పంపిన, అన్నం వండే పెద్ద గంజు ఎవరింట్లో తేలిందో ఇప్పటికీ తెలియదు. ఆ గంజు మాట ఎత్తితే మనిషి తింటున్న అన్నం కూడా వదిలేసేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టి, స్టీలు చప్పుళ్ల మధ్య పెరిగిన కన్యక మట్టి పట్టుకుంది. హైదరాబాదులో బొమ్మల చదువు, ఆ తర్వాత బరోడాలో మట్టి చదువు. కూతురు సిరామిక్స్ చదువుతోందని కాశీనాథం బజారంతా గొప్పగా చెప్పుకున్నాడు. సిరామిక్స్ అంటే టైల్సు, సింకులు, మంచి గిరాకీ ఉన్న లైను అని ఆయన లెక్క. ఎనభైతొమ్మిదిలో చదువు ముగించుకుని వచ్చి, గోదాముకని విడిచిపెట్టిన పెరటి జాగలో బట్టీ కట్టిస్తే గాని ఆయనకు అసలు సంగతి తెలియలేదు. బిడ్డ చేసేది కుండలు. పోనీ వాడుకునే కుండలా అంటే అదీ కాదు. పొడుగు మెడలు, వంకర నడుములు, ఏ మూతా పట్టని మూతులు. వాటి మీద బజారులో బేరాలాడే ఆడవాళ్ల బొమ్మలు గీసి, పైన గాజులా మెరిసే పూత పూసి, కిరసనాయిలు బట్టీలో పెట్టి కాల్చేది. వీటిలో ఏం పోసుకోవాలని తల్లి సుశీలమ్మ అడిగింది. ఏమీ పోయక్కర్లేదు, ఊరికే చూడాలి అంది కన్యక. గిన్నెలమ్మి బతికే ఇంట్లో అంతకన్నా పెద్ద తప్పుమాట ఇంకొకటి లేదు.

ఊరివాళ్లు మాత్రం ఆమె కళను వెంటనే గుర్తించారు. పెయింటరట కదా అని హన్మంతు తన సైకిల్ షాపు బోర్డు తెచ్చి వాకిట్లో ఆనించి పోయాడు. అద్దె సైకిళ్లు దొరుకును అని రాసి, పక్కన ఒక సైకిల్ బొమ్మ వేస్తే చాలన్నాడు, చక్రాలు రెండూ కనపడేలాగా. పక్కింటివాళ్లు డాబా మీద ఎండబెట్టిన వడియాలు బట్టీ పొగకు నల్లబడితే, ఆ వడియాలను పళ్లెంలో పోసి తెచ్చి చూపించారు. చుట్టాలు కొత్త కోడళ్లను తీసుకొచ్చి కుండలు చూపించేవారు. వాళ్లు మర్యాదగా కాసేపు చూసి, ఇవి సొట్టలు పడ్డాయా, కావాలనే ఇలా చేశావా అని అడిగేవారు. కన్యక నవ్వేది. లోపల మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆమెకు కావలసింది ఒక్కటే, ఒక రంగు. వానలు వెలిశాక కోమటిచెరువు నీళ్లకు ఒక వింత రంగు వస్తుంది, నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. ఆ రంగు పూతలో తేవాలని రెండేళ్లుగా పాట్లు పడుతోంది. ఒకసారి నాచు రంగు వచ్చేది, ఒకసారి సున్నంలా తెల్లబోయేది, ఒకసారి కుండే పగిలి వచ్చేది. మంచి రంగు అంచు దాకా వచ్చి ఆగిన కుండలు కొన్ని మాత్రం మిగిలాయి. వాటిని చూసిన మధుసూదన్ అనే పెద్దమనిషి బంజారాహిల్స్‌లోని తన గ్యాలరీలో దసరాకు ఎగ్జిబిషన్ పెట్టుకోమన్నాడు.

దసరా సరైన గడువు అని కాశీనాథానికీ తోచింది. అప్పటికి బజారులోకి ప్లాస్టిక్ బకెట్లు, టబ్బులు వచ్చిపడ్డాయి. వాటిని పెట్టడానికి దుకాణంలో జాగ లేదు. ఆయన కోప్పడలేదు, అరవలేదు. ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు.

"దసరా దాక సూడు బిడ్డ. ఆ ఎగ్జిబిషన్ల నలుగురు నీ పని మెచ్చి కొంటె బట్టి నీదే, నేను మల్ల అడుగ. లేకుంటె అది తీసేసి రేకుల షెడ్డు ఏసుకుంట, నువ్వు గల్లా మీద కూసో."

గల్లా పెట్టె ముందు కూచుని జీవితమంతా గ్లాసుల సెట్లు చూపించడం కన్యక కళ్లకు కట్టింది. ఆ రాత్రి నుంచి తిండీ నిద్రా పట్టించుకోకుండా పనిచేసింది. ఎగ్జిబిషన్‌కు రెండురోజుల ముందు హాలు సర్దుకోవడానికి తాను బస్సెక్కి పోతూ, కుండలను గడ్డిలో చుట్టి వ్యానులో పంపమని తండ్రికి అప్పజెప్పింది. అరడజనుసార్లు జాగ్రత్తలు చెప్పింది. కాశీనాథం తలూపాడు. గడ్డపెరుగు కుండ కూడా పగలకుండా పంపగల మనిషి ఆయన, అందులో అనుమానం లేదు.

అనుమానం ఆయనకే వచ్చింది. కుండను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూశాడు. పేరు లేదు. బోర్లించి చూస్తే అడుగున సూదితో గీసినట్టు చిన్న 'క' ఉంది. అడుగున రాస్తే ఎవడు చూస్తాడు! హైదరాబాదు, ఎక్కడెక్కడివాళ్లో తెచ్చిన సామాను, పెద్ద హాలు, వందమంది వచ్చిపోయే జాగ. పోయినప్పుడు ఇది మాదని ఏం చూపించి తెచ్చుకుంటుంది ఈ పిల్ల? కోహెడ గంజు ఆయన కళ్ల ముందు నిలబడింది. ఇస్తారిని లోపలికి పిలిచాడు. మట్టి మీద మిషను పెడితే పెచ్చు లేస్తుందని ఇస్తారి భయపడ్డాడు గానీ, మెల్లగా కొట్టమని కాశీనాథం స్వయంగా కుండలు పట్టుకున్నాడు. బొమ్మల్లోని ఆడవాళ్ల నడుముల మీదుగా, చెరువు రంగు అంచుదాకా వచ్చిన ఆ పూతను గీరుకుంటూ, ప్రతి కుండ కడుపు మీదా తేటగా పడింది: అయిత కాశీనాథం, స్టీలు సామాన్ల వ్యాపారి, సిద్దిపేట.

హైదరాబాదులో గడ్డి తీసి మొదటి కుండను చూసిన కన్యక నేల మీద కూలబడింది. రెండోది తీసింది. మూడోది తీసింది. ఆ తర్వాత తీయడానికి చేతులు రాలేదు. గ్యాలరీ కుర్రాళ్లే తీసి బల్లల మీద పెట్టారు, పేరు అందరికీ కనపడేట్టు ముందువైపుకు తిప్పి మరీ. ఆమె ఒక్కొక్కటే గోడవైపుకు తిప్పుతూ వచ్చింది. ఏడుపు రాలేదు, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బట్టీ పోయింది, రంగు పోయింది, ఇంక గ్లాసుల సెట్లే అనుకుంది.

అప్పుడే మధుసూదన్ వచ్చాడు, వెంట ఇద్దరు విమర్శకులతో. మధుసూదన్ కళాభిమాని, అంటే నున్నని లాల్చీ వేసుకుని ఏ వస్తువునైనా తల పక్కకు వాల్చి చూస్తాడు. గోడవైపున్న కుండను ఇటు తిప్పాడు. చదివాడు. తల వాల్చాడు. విమర్శకులు కూడా వాల్చారు.

"అద్భుతం," అన్నాడు మధుసూదన్ గొంతు తగ్గించి. "స్త్రీ శరీరం మీద తండ్రి ముద్ర. వ్యాపారి ముద్ర! ఎంత తెగింపు కన్యకగారూ. ఈ ఆలోచన మీదేనా?"

కన్యక నోరు తెరిచింది. మా బాపు చేసిన పని అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట వెనకే రేకుల షెడ్డు కనపడింది, వరసగా పేర్చిన ఎర్ర బకెట్లు కనపడ్డాయి.

"అవును," అంది.

అంతే, ఆ ఒక్క మాటతో ఆమె పెద్ద కళాకారిణి అయిపోయింది. రెండేళ్ల రంగుకు రాని పేరు ఒక్క జుర్రుమన్న మిషనుతో వచ్చేసింది. సాయంత్రానికి హాలు నిండింది. గీత ఎలా తడబడిందో చూడండని ఒకాయన, ఆ తడబాటులోనే తిరుగుబాటు ఉందని ఇంకొకాయన అన్నారు. అది తిరుగుబాటు కాదు నాయనా, 'స్టీలు' అనే మాట దగ్గర ఇస్తారికి తుమ్ము వచ్చింది. కానీ ఆ ముక్క చెప్పేవాళ్లెవరు? పూత రంగు గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఒకామె అడిగినట్టే అడిగి, బాత్రూం ఎటువైపని కనుక్కుని వెళ్లింది.

మర్నాడు ఇస్త్రీ ధోవతి కట్టుకుని కాశీనాథం దిగాడు. జనం తన పేరును వేలు పెట్టి చూపిస్తూ చదువుతుంటే మురిసిపోయాడు. కన్యక ఆయన్ను పక్కకు తీసుకుపోబోయింది. ఆయనకు అబద్ధమాడడం రాదు, ఎవరో అడిగీ అడగకముందే చెప్పేశాడు. తప్పిపోతాయని నేనే కొట్టించిన, పేరు లేని సామాను ఎవలదో ఎట్ల తెలుస్తది అని. హాలంతా ఒక్కసారి నవ్వింది, చప్పట్లు కొట్టింది. తండ్రి కూడా ఈ కళాఖండంలో భాగమేనని మధుసూదన్ ప్రకటించి ఆయన మెడలో దండ వేశాడు. కాశీనాథం ఆ దండ తీయకుండానే సిద్దిపేట బస్సెక్కాడు. బట్టీ సంగతి మళ్లీ ఎత్తలేదు. బకెట్లను నడింట్లో పెట్టించాడు.

ఆ తర్వాత కన్యక కెరీర్ దుకాణం అరుగు మీదుగానే నడిచింది. బట్టీలోంచి దిగిన కుండ ఇస్తారి దగ్గర ఆగి పోవలసిందే. మద్రాసులో, బొంబాయిలో ఆడవాళ్లు అయిత కాశీనాథాన్ని డ్రాయింగ్ రూముల్లో పెట్టుకున్నారు. పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. చుట్టాలు తమ పేర్లు కూడా కొట్టించమని వచ్చారు. కిరసనాయిలు మోసింది నేను, పొగ మింగింది నేను, పేరు మాత్రం ఆయనదా అని సుశీలమ్మ అలిగి చాన్నాళ్లు బట్టీ వైపు రాలేదు. నాలాగే ఇంకొకరు, అనుకుంది కన్యక. కానీ పైకి అనలేదు.

ఒక ఏడు, వానలు వెలిసిన వారంలో, ఆ రంగు వచ్చింది. బట్టీ తలుపు ఇటుకలు తీయగానే కోమటిచెరువు ఎదురుగా కనపడినట్టయింది. కన్యక అక్కడే కూచుని ఆనందంతో ఏడ్చింది. ఆ కుండలను ఇస్తారి దగ్గరికి తీసుకుపోలేదు. ఉన్నవున్నట్టు మధుసూదన్‌కు పంపింది. బాగున్నాయి గానీ ఏదో లోపించింది, పాత కన్యక కనపడటం లేదు అని కబురు చేసి, జాగ్రత్తగా తిప్పి పంపాడు. అవి ఇప్పుడు సుశీలమ్మ వంటింట్లో ఉన్నాయి. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో రాళ్లుప్పు. ఎన్నేళ్లకు పనికొచ్చేవి చేశావని తల్లి మెచ్చుకుంది.

తొంభైతొమ్మిదిలో ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది. పెద్ద ఎగ్జిబిషన్, ఆమె ఒక్కదానిదే. అన్నీ 'తండ్రి ముద్ర'వే కావాలని మధుసూదన్ ఫోనులో ముందే చెప్పాడు. ఈసారి కుండలన్నీ ఆ చెరువు రంగులోనే వచ్చాయి. కన్యక వాటిని ఒకటొకటిగా దుకాణం అరుగు మీదికి చేర్చింది. కాశీనాథానికి చూపు తగ్గింది, గల్లా దగ్గర కూచోవడమే గాని గిరాకీ చూసేది పనివాళ్లే. ఆయన ఒక కుండను ఒళ్లోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పాడు.

"గిది మన కోమటిచెరువు రంగు గద బిడ్డ," అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మాట అన్న మనిషి ఈయనొక్కడే.

ఇస్తారి మిషను ప్లగ్గు పెట్టబోయాడు. కాశీనాథం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంక నా పేరెందుకు? గింత మంచిగున్న దాన్ని గీకుడెందుకు? ఇప్పుడు నువ్వంటె దేశమంత తెలుసు. ఎక్కడ పెట్టినా కన్యక కుండలే అని గుర్తువడుతరు. ఇంక తప్పిపోవు."

కన్యక ఆయన ముఖం చూసింది. ఆయన సంతోషంగా ఉన్నాడు, బిడ్డను ఒక దారికి చేర్చాననే సంతోషం. ఆ పేరు లేకపోతే ఒక్క కుండ కూడా అమ్ముడుపోదని, ఆ పేరు చూసి వాళ్లు తండ్రిని దుర్మార్గుడి కింద జమకట్టే కొంటున్నారని ఆయనకు ఏ నోటితో చెప్పాలి? బట్టీని నిలబెట్టుకున్న అబద్ధమే ఇన్నేళ్లూ బట్టీని నడిపించింది. ఇప్పుడు నిజం చెప్తే ముందు ఈ ముసలాయన గుండె పగులుతుంది.

"లేదు బాపు," అంది. "వాళ్లకింకా నేనెవలో తెల్వదు. కొట్టియ్యి."

కాశీనాథం నమ్మలేనట్టు చూశాడు. హైదరాబాదు, బొంబాయి, ఇన్ని ఊళ్లు, ఇన్నేళ్లు. బిడ్డ పడ్డ కష్టమంతా తలచుకుని నొచ్చుకున్నాడు. వాళ్లంత మొద్దుమనుషులని ఇన్నాళ్లూ అనుకోలేదు పాపం. కుండను ఒళ్లోంచి తీసి ఇస్తారి ముందు పెట్టాడు.

"ఈసారి జర లోతుగ కొట్టు ఇస్తారి. గిన్ని ఏండ్లయినా వాళ్లకు తెలుస్తలేదట."

మిషను జుర్రుమంది. కుండ కదలకుండా కన్యక రెండు చేతులతో పట్టుకుంది.