మెత్తటి మంట

దొరవారిసత్రం నుంచి పొద్దున్నే బస్సెక్కి గూడూరొచ్చిన ప్రమీలమ్మ పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. రాళ్ళు లేని పాతకాలపు బంగారు కమ్మలు. ఒకదాని కాడ ఊడిపోయింది.

“మా అమ్మ గుర్తుగా ఇవొక్కటే మిగిలినాయన్నా. జాగ్రత్త,” అంది నగలు బాగుచేసే అమీర్ బాషాతో.

అమీర్ బాషాకు చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది. అతుకులు వేసే గ్యాస్ టార్చ్ పట్టేది ఇప్పుడు కూతురు షాహనా. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని పురమాయిస్తాడు, వంకలు పెడతాడు. ముందు మెత్తటి మంటతో వస్తువంతా సమానంగా వేడెక్కించాలి, బుస్సుమనే సూదిమంట చివర్లో, అతుకు వేసే టంకం కరిగే క్షణానికే. ఈ పాఠం షాహనా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆరోజు మాత్రం ఆయన వేరే పాట ఎత్తుకున్నాడు.

“మెత్తటి మంట వద్దు. సూదిమంట కాడ దగ్గర ఒక్కచోటే తగిలించు. అయిపోతాది.”

“ఇంత చిన్న కమ్మ గదా నాయనా. ఒకపక్క కరిగి కూర్చుంటే?”

“చెప్పింది చెయ్యి.”

షాహనాకు ఒళ్ళు మండింది. నెత్తిన మొట్టి మొట్టి నేర్పిన మాటను ఆయనే కాదంటే ఎలా? కమ్మ కరిగిపోతే ప్రమీలమ్మకు వాళ్ళమ్మ కమ్మ ఎవరు తెచ్చిస్తారు? బంగారం ఎరుపెక్కడం కనబడాలని లైటు ఆర్పింది, ఫ్యాను కట్టేసింది. టంకం బాగా పారేందుకు వెలిగారం పూసి, కాడ నిలబెట్టి, టంకం ముక్క పెట్టింది. టార్చ్ ముట్టించి మర తిప్పి గాలి తగ్గించింది. బుస తగ్గి మంట వెడల్పయింది, కొసన పసుపు తేలింది. దాన్ని కమ్మ చుట్టూ తిప్పసాగింది. అమీర్ బాషా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బంగారం ఇంకా ఎరుపెక్కనే లేదు. కాడకు దూరంగా, కమ్మ అంచున బూడిదరంగు చెమట పట్టింది. చూస్తుండగానే మెరిసి ముద్ద కట్టింది. షాహనా చప్పున టార్చ్ ఆర్పేసింది. సీసం. పాత పగులును ఎవరో సీసంతో అతికి, పైన బంగారు పూత పూశారు. ఇంకాస్త వేడెక్కితే ఆ సీసం బంగారాన్ని తినేసి కమ్మకు చిల్లులు పెట్టేది.

“అత్తా, దీన్ని ముందెక్కడ బాగు చేయించినారు?”

“మీ నాయన తప్ప ఇంకెవరు ముట్టుకున్నారు? అప్పుడెప్పుడో అంచు పగిలితే ఈయనే అతికిచ్చినాడు.”

అంచుకు వేడి తగలకూడదనే ఆయన సూదిమంట అన్నాడని తెలిసి షాహనా తండ్రి వైపు చూడలేకపోయింది. గూడూరులో ఇంత పనివాడు లేడని చెప్పుకు తిరిగిన కూతురు మరి. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామనుకునేంతలో ఆయనే అందుకున్నాడు.

“నేనే చేసినా ప్రమీలమ్మా,” అన్నాడు అమీర్ బాషా. “అంచు మరీ పల్చన. మంట పెడితే కరిగిపోతాదని భయపడినా. కాల్చిన కడ్డీతో సీసం అంటించినా. నీకు చెప్పలేదు.”

ప్రమీలమ్మ ముందుకు వంగి కమ్మ అంచును చూసింది.

“సీసమంతా గీకేసి బంగారంతోనే అతుకుతానత్తా,” అంది షాహనా. “రెండు రోజులు పడతాది.”

ప్రమీలమ్మ ఆమెకు తల ఊపి, అమీర్ బాషా వైపు తిరిగింది. “ఇంకెవరివి ఇట్టా చేసినావన్నా?”

ఆయన తడుముకోలేదు. హజరత్తయ్య భార్య గాజు, కామాక్షి ఉంగరం, ఎలిశబెతు టీచరు లాకెట్టు. ఏ ఏడు చేసిందీ, అతుకు ఏ మూలనున్నదీ, అన్నీ చెప్పాడు. ఇన్నేళ్ళూ వీటిని తలలో మోస్తూనే తనకు మెత్తటి మంట నేర్పాడని షాహనాకు అర్థమైంది. కోపం పోలేదు గానీ, జాలి కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

“ముందు టీచరుకు ఫోన్ చెయ్యి పాపా,” అన్నాడు ఆయన. “ఆమె దాన్ని మెళ్ళోంచి తియ్యదు, సీసం ఒంటికి తగులుతానే ఉంటాది.”