పసుపు ఫ్లాస్కు మూత

బీడులో లెక్కకోసం గుర్తుపెట్టిన పన్నెండో గడి దగ్గర లామెర్ట్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చోవడమంటే ఒక్కసారిగా కాదు. ముందు ఎడమ మోకాలు, ఆ తర్వాత కర్ర ఊతం, కాసేపు ఊపిరి, అప్పుడు కుడి మోకాలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చెక్క చట్రాన్ని తడి నేల మీద పరిచాడు. అందులోకి వచ్చిన జెన్షన్ మొక్కల్ని ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. జానెడు మొక్కలు, చివర పొడుగాటి నీలం మొగ్గలు. మొగ్గ అడుగున ఉప్పురవ్వంత తెల్లచుక్క ఉంటే అది సీతాకోకచిలుక గుడ్డు. అన్నీ తిప్పాడు. ఒక్కటీ లేదు.

ఫారంలో పన్నెండో గడిలో సున్నా రాశాడు. నింపాదిగా, గుండ్రంగా రాశాడు. గడి ఖాళీగా వదిలితే అక్కడ ఎవరూ చూడలేదని అర్థమట. సున్నా రాస్తే చూశామని అర్థమట. పనిలో చేరిన మొదటి వారం అక్కడి పెద్ద శాస్త్రవేత్త, అందరూ పెద్ద డాక్టరుగారనే ఆయన, చెప్పిన మాట అది. దాన్ని లామెర్ట్ ముప్పై ఒక్క ఏళ్లుగా మీరలేదు.

అతనికిప్పుడు అరవై నాలుగు. డ్రెంతె ప్రాంతంలోని ఆ చిత్తడి బీడును చూసుకునే చిన్న సంస్థలో క్షేత్ర సహాయకుడు. అంటే కంచె విరిగితే కట్టాలి, గొర్రెల్ని తోలాలి, బడిపిల్లలు వస్తే బురదబూట్లు కడిగించాలి, ఆగస్టు రాగానే గుడ్లు లెక్కపెట్టాలి. అంతకుముందు పాల వ్యాను నడిపేవాడు. సంస్థ ఏటా అచ్చువేసే నివేదికలో ఆఖరి పేజీ, కృతజ్ఞతల కింద అతని పేరుంటుంది. రెండేళ్లపాటు అది లాంబెర్ట్ అని పడింది. అతను చెప్పలేదు, వాళ్లు చూసుకోలేదు. మూడో ఏడు దానంతటదే సరైంది.

నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో అంటారు. భార్య ఆల్చె మాత్రం అలా అనేది కాదు. "నాలుకుంది, బయటికి దారే తెలీదు పాపం. నీ మాటకోసం కూర్చుంటే నా కాఫీ చల్లారిపోతుంది" అని నవ్వేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆమె ఫ్లాస్కు రోజూ అతని సంచిలో బీడుకి వస్తుంది. బూడిదరంగు ఒళ్లు, పసుపు మూత, ఆ మూత అడుగున ఆల్చె ఎర్ర గోళ్లరంగుతో రాసుకున్న తన పేరులోని మొదటి అక్షరం.

పదమూడో గడిలో గుడ్లున్నాయి. లామెర్ట్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏడు కాడల మీద ఇరవై మూడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండోసారి ఒక్కో చుక్క దగ్గరా వేలు ఆపి చూశాడు.

ఒకప్పుడు ఈ బీడులో నాలుగు వేల గుడ్లు లెక్కపెట్టిన వేళ్లవి. నిరుడు అరవై ఒకటి. ఈ ఏడు వేసవంతా తిరిగినా కనిపించింది ఒకే ఒక్క ఆడ సీతాకోకచిలుక. అంటే ఈ ఇరవై మూడూ దానివే. ఇవి బతికితేనే వచ్చే ఏడు ఇక్కడ నీలిరెక్కలు ఎగురుతాయి.

అవి బతకవని లామెర్ట్‌కి తెలుసు. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొగ్గలోకి దూరి రెండు మూడు వారాలు తింటుంది. తర్వాత నేల మీదికి జారి కదలకుండా పడుకుంటుంది. ఎర్రచీమలు దాన్ని తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోయి చలికాలమంతా మేపుతాయి. చీమ రాకపోతే అంతే సంగతి. పదమూడో గడి చుట్టూ ఎటు చూసినా, యాభై అడుగుల మేర, ఒక్క ఎర్రచీమ లేదు.

లేకపోవడానికి కారణం కూడా అతనికి తెలుసు. పదకొండేళ్ల కిందట జెన్షన్ మొక్కలు గడ్డి కింద పడి చచ్చిపోతున్నాయని, పైమట్టి జానెడు లోతు చెక్కేయాలని సంస్థ నిర్ణయించింది. ఎక్కడినుంచి ఎక్కడిదాకా చెక్కాలో గుర్తుగా మేకులు పాతింది లామెర్టే. నూట పన్నెండు చెక్కమేకులు. ఒక మేకు దిగ్గొడుతుంటే ఎర్రచీమలు పైకొచ్చి మణికట్టు మీద కుట్టాయి. సుత్తి ఆపి, వంగి చూశాడు. పుట్ట మేకు కిందే ఉంది. మట్టి చెక్కితే పుట్టలన్నీ మట్టితోపాటే పోతాయి కదా అనిపించింది. వెనకే పెద్ద డాక్టరుగారు నిలబడి ఉన్నారు. ఒక్క మాట అడిగితే అయిపోయేది. అంత చదువుకున్నాయనకు తెలియదా అనుకుని పెదవి విప్పలేదు. పెద్ద డాక్టరుగారేమో చీమలదేముంది, అవే వస్తాయనుకున్నారు. యంత్రం వచ్చి చెక్కుకుపోయింది. మరుసటేడు నుంచే జెన్షన్ విరగబూసింది. చీమలు మాత్రం తిరిగి రాలేదు.

మిగిలింది కాలువగట్టు పక్క సన్నటి పట్టీ ఒక్కటే. అక్కడ నేల మెత్తగా ఉండి యంత్రం దిగలేదు. అందులో చీమలున్నాయి, కానీ గడ్డి ఒత్తుకుపోయి జెన్షన్ లేదు. ఇక్కడ పూలు, అక్కడ చీమలు. మధ్య దూరం అరవై అడుగులు.

ఆ రోజు శనివారం, సంస్థవాళ్లు ఏటా జరిపే నీలిపూల రోజు. పదకొండింటికి ఇరవై మందిదాకా సైకిళ్ల మీద వచ్చారు. షెడ్డు ముందు గీసీన్ కాఫీ పోసింది. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ, ముప్పై ఏళ్లుగా జీతం లేకుండా ఇక్కడే తిరుగుతుంది. మనిషికో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత టపీమని మూసేసింది.

"ఏమోయ్ లామెర్ట్, మొహం అలా పెట్టుకున్నావేం? రెండో బిస్కెట్టు ఇవ్వలేదనా?"

"ఇస్తే మీకు జ్వరం వచ్చిందనుకుంటా గీసీనమ్మా" అన్నాడు.

"అబ్బో, మాట్లాడాడు! ఎవరైనా రాసుకోండర్రా."

సంస్థలో సీతాకోకచిలుకల శాస్త్రవేత్త ఫామ్కే జనాన్ని చిత్తడి మీద వేసిన చెక్కపలకల దారి మీదుగా నడిపించింది. ముప్పై నాలుగేళ్లది, ఎంత పెద్ద విషయమైనా చిన్నపిల్లలకు సైతం తెలిసేలా చెబుతుంది. పురుగు కథ, చీమల కథ చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. సరిగ్గా అప్పుడే ఆ ఆడ సీతాకోకచిలుక వచ్చింది. రెక్కల అంచులు చిరిగిపోయి ఉన్నాయి. పదమూడో గడిలో ఒక మొగ్గ మీద వాలి, తోక వంచి, లేచి, మళ్లీ వాలింది. జనం ఫోన్లు తీశారు. ఒకాయన మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"అయితే వచ్చే ఏడు బోలెడు వస్తాయన్నమాట!" అంది ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ.

ఫామ్కే పూల వైపు చూసింది. "ఆశ పెట్టుకున్నామండీ" అంది.

ఎర్ర టోపీ ఆవిడ వెనక్కి తిరిగింది. చట్రం పట్టుకుని నిలబడ్డ లామెర్ట్ కనిపించాడు. "రోజూ ఇక్కడుండేది మీరు కదా. మీరేమంటారు?"

అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. మణికట్టు మీద ఎప్పుడో కుట్టినచోట గోక్కున్నాడు.

"ఇక్కడ చీమల్లేవు" అన్నాడు. "మేమే తీసేశాం. మేకులు నేనే పాతాను. అప్పుడే తెలుసు నాకు. చెప్పలేదు."

ఎర్ర టోపీ ఆవిడ తలవంచుకుని ఫోన్ సంచిలో పెట్టుకుంది. చప్పట్లు కొట్టినాయన పూల వైపే చూస్తూ ఉండిపోయాడు. పూలు మాత్రం ఎన్నడూ లేనంత నీలంగా ఉన్నాయి. పదకొండేళ్ల మాట బయటపడితే గుండె తేలికవుతుందనుకున్నాడు లామెర్ట్. తేలికేమీ కాలేదు.

జనం వెళ్లాక ఫామ్కే అతని పక్కన వచ్చి నిలబడింది.

"నాకూ తెలుసు లామెర్ట్ గారూ. రెండేళ్ల కిందటే సంస్థకు రాసిచ్చాను. శనివారం పూట పూలు చూద్దామని వచ్చినవాళ్లకు ఏం చెప్పమంటారు?"

"మిమ్మల్ని అనలేదు డాక్టరమ్మా." కాసేపు బూటుతో చెక్కపలకను రుద్ది, "ఆ ఏడు కాడలూ కోసి, నీళ్లలో పెట్టి, గట్టు దగ్గర చీమల పక్కన ఉంచితే?" అన్నాడు.

"ఉంచొచ్చు. ప్రభుత్వం అనుమతి కావాలి. మార్చిలో అడిగాను, ఇంతవరకు జవాబు లేదు. కాగితం వచ్చేలోగా ఆ పురుగులు జారి, చచ్చి, మట్టైపోతాయి."

"కాగితం లేకుండా?"

ఫామ్కే అతని మొహం వైపు చూసింది. చూస్తుండగానే ఆమె కళ్లు తడిశాయి. "నేను బోర్డులు తీసి వ్యానులో పెట్టాలి. అరగంట పడుతుంది. ఇటు చూసే తీరిక ఉండదు నాకు" అని గబగబా వెళ్లిపోయింది.

లామెర్ట్ ఇటూ అటూ చూసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బీడులో ఒక్క పువ్వు కోసినవాడు కాదు. కోసిన పిల్లల్ని కేకలేసినవాడు. జేబుకత్తితో ఒక్కో కాడనీ ఏటవాలుగా కోస్తుంటే దొంగతనం చేస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. నీళ్లు పోయడానికి చేతిలో ఏమీ లేదు. ఫ్లాస్కు మూత తీసి, కాలువ నీళ్లు ముంచి, ఏడు కాడలూ అందులో నిలబెట్టాడు.

గట్టు దగ్గర గడ్డి పాయ తీసి చూశాడు. మూడు పుట్టలుండాలి. రెండు ఎండి ఖాళీగా ఉన్నాయి. మూడోదానిలో ఎర్రచీమలు కదిలాయి, కొద్దిగానే. దాని పక్కన మూతను పడిపోకుండా సగం మట్టిలో దించి, మొగ్గలు పుట్ట మీదికి వంగేలా సర్దాడు. రోజూ పొద్దున్నే నీళ్లు మార్చాలి. ఇరవై రోజులు చాలు. ఒక చీమ మూత అంచెక్కి, తిరిగి, దిగిపోయింది. లామెర్ట్‌కి నవ్వొచ్చింది. "ఆల్చే, చూశావా" అన్నాడు, గట్టిగానే.

తిరిగొస్తుంటే ఆ ఆడ సీతాకోకచిలుక కనిపించింది. మోకాలెత్తు హీత్ పొద మీద రెక్కలు ముడిచి కూర్చుంది. నీడ పడినా లేవలేదు. వంగి మెల్లగా ఊదాడు. ఎండాకులా పక్కకు ఒరిగి గడ్డిలో పడింది. గుడ్లు పెట్టేశాక వాటికి ఇంక పనేముంటుంది. లామెర్ట్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

షెడ్డు దగ్గర గీసీన్ ఇనప పట్టకారు, గోనెసంచి పట్టుకుని తయారుగా ఉంది. జనం వచ్చిన ప్రతి రోజూ ఆఖర్న బీడంతా తిరిగి కాగితం ముక్క, సిగరెట్టు పీక, దారప్పోగు ఏదీ వదలకుండా ఏరుతుంది. తెచ్చింది తీసుకుపోవాలి, ఉన్నది ముట్టుకోకూడదు, ఆ చోటి నియమం అది. కుక్కను గొలుసు లేకుండా తిప్పిందని సొంత చెల్లెలి మీదే ఫిర్యాదు రాసిన మనిషి గీసీన్.

చెప్పాలి, అనుకున్నాడు లామెర్ట్. చెబితే ఎందుకంటుంది. కాగితమేదంటుంది. ఫామ్కే పేరు వస్తుంది. ఇవాళ్టికి మాట్లాడింది చాలదా అనిపించింది. నీళ్లు నమిలి, "గట్టు వైపు వెళ్లక్కర్లేదు గీసీనమ్మా, నేను చూశాను" అన్నాడు. రేపు తీరుబడిగా చెబుదామనుకుని గొర్రెల దొడ్డి తడిక బాగుచేయడానికి వెళ్లాడు.

ఆరింటికి షెడ్డులోకి వచ్చేసరికి గీసీన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటోంది.

"నీ చూపు సంగతి తెలిసే వెళ్లాను అటు. వెళ్లబట్టి సరిపోయింది! ఆల్చె ఫ్లాస్కు మూత పారేసుకున్నావు, తెలుసా నీకు? ఎవడో సిగ్గులేనివాడు దొరికించుకుని, పూలు కోసి, అందులో గుచ్చి, గట్టు మీద పెట్టి పోయాడు. అలంకారం వాడి మొహానికి!"

లామెర్ట్ గుమ్మం పట్టుకున్నాడు. "పూలు?"

"కోసినవి మళ్లీ అతుక్కుంటాయా? దారిలో గొర్రెలకు వేశాను. పరపరా నమిలేశాయి." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "మూత మాత్రం సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను. ఎర్ర అక్షరం పోకుండా చూసి మరీ కడిగాను. అది పోగొట్టుకుంటే నువ్వేమైపోతావని భయమేసిందిరా అబ్బాయ్."

ఆవిడ కళ్లలో నిజంగానే ఆ భయం ఉంది. ఆల్చెకు ఆఖరి నెలల్లో స్నానం చేయించిన చేతులు అవి. లామెర్ట్ నోరు తెరిచాడు. చెప్పడానికి ఇరవై మూడు గుడ్లున్నాయి, పదకొండేళ్లున్నాయి. చెబితే ఆవిడ ఈ వయసులో దాన్ని మోసుకుంటూ బతకాలి.

"మంచి పని చేశారు గీసీనమ్మా" అన్నాడు.

ఆవిడ సైకిలెక్కి వెళ్లిపోయింది. అతను బల్ల దగ్గర కూర్చుని ఫారం తీశాడు. పదమూడో గడిలో పొద్దున రాసిన ఇరవై మూడు అలాగే ఉంది. లెక్క లెక్కే, దిద్దడానికి లేదు. వచ్చే ఏడాది నివేదికలో అది అచ్చవుతుంది, ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద అతని పేరూ అచ్చవుతుంది. తేదీ వేసి, సంతకం పెట్టి, ఫామ్కే అరలో ఉంచాడు. సంచి భుజానికి తగిలించుకుని, మూత లేని ఫ్లాస్కుతోనే ఇంటికి బయల్దేరాడు.

షెడ్డు కిటికీ పక్క చెక్క మీద పసుపు మూత బోర్లించి ఉంది, ఎర్ర అక్షరం పైకి, దాని అంచు చుట్టూ గుండ్రంగా ఇంకా ఆరని తడి.